పూర్తికాని ఆటకు పూర్తి ధర: ఎర్లీ యాక్సెస్ వెనుక కథ

సెవెన్ డేస్ టు డై అనే ఆట 2013 డిసెంబర్‌లో, కంప్యూటర్ ఆటలు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో ఎర్లీ యాక్సెస్‌గా అమ్మకానికి వచ్చింది. అప్పుడు ఇంటర్ చదువుతూ దాన్ని కొన్న కుర్రాడు తర్వాత ఇంజినీరింగ్ పూర్తిచేసి, ఉద్యోగంలో చేరి, ఒకటి రెండు కంపెనీలు మారి ఉంటాడు. ఆటకు 1.0 వెర్షన్, అంటే పూర్తయిన రూపం, వచ్చింది మాత్రం 2024 జూలైలో. మధ్యలో పదేళ్ల ఏడు నెలలు గడిచాయి. ఇన్నాళ్లూ ఆ ఆట పేజీ మీద ‘ఎర్లీ’ అన్న మాట అలాగే ఉంది.

ఎర్లీ యాక్సెస్ అంటే ఆట సగంలో ఉండగానే డబ్బు తీసుకుని ఆడనివ్వడం, ఆ డబ్బుతో, ఆడేవాళ్లు చెప్పే లోపాలు దిద్దుకుంటూ మిగతాది కట్టుకురావడం. ఆలోచనలో తప్పేమీ లేదు. తప్పు ఎక్కడ మొదలైందో తెలియాలంటే స్టీమ్‌లోకి ఈ పద్ధతి రాకముందు కాలానికి వెళ్లాలి.

టర్కీలో ఒక భార్యాభర్తల జంట మౌంట్ అండ్ బ్లేడ్ అనే ఆటను తయారవుతున్న దశలోనే, 2000ల మధ్యలో, ఇంటర్నెట్‌లో అమ్మింది. పూర్తి ఆట 2008లో వచ్చింది. ఈ పద్ధతికి లోకమంతా పేరు తెచ్చింది మాత్రం మైన్‌క్రాఫ్ట్. స్వీడన్‌కు చెందిన మార్కస్ పెర్సన్ 2009 మే నెలలో దాని తొలి రూపాన్ని బయటపెట్టి, జూన్ నుంచి సుమారు పది యూరోలకు అమ్మడం మొదలుపెట్టాడు. ముందు కొన్నవాళ్లకు తక్కువ ధర, ఆట ఎదిగేకొద్దీ ధర పెరుగుతుంది. 2010 డిసెంబర్‌లో బీటా, అంటే పరీక్ష దశ రూపం, వచ్చింది, 2011 నవంబర్ 18న పూర్తి ఆట వచ్చింది. అప్పటికే 40 లక్షల మంది కొనేశారు. రెండున్నరేళ్లలో పని ఒక గట్టుకు చేరింది. తర్వాత వచ్చినవాళ్లు ఆ 40 లక్షల అంకెను చూశారు గానీ రెండున్నరేళ్ల గడువును చూడలేదని నాకనిపిస్తుంది.

2013 మార్చి 20న స్టీమ్ యజమాని వాల్వ్ ఈ పద్ధతికి ఎర్లీ యాక్సెస్ అని పేరు పెట్టి, 12 ఆటలతో తలుపు తెరిచింది. మెక్సికోలో తయారైన, రాకెట్లు కట్టి ఎగరేసే ఆట కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్ వాటిలో ఒకటి. ఎప్పటిలోగా పూర్తి చేయాలన్న గడువు మాత్రం వాల్వ్ పెట్టలేదు. నచ్చకపోతే డబ్బు వెనక్కి అడిగే వీలు కూడా అప్పట్లో లేదు.

అదే ఏడాది డిసెంబర్ 16న డేజెడ్ వచ్చింది. న్యూజిలాండ్‌కు చెందిన డీన్ హాల్ ఆర్మా 2 అనే యుద్ధం ఆటకు మోడ్‌గా, అంటే ఉన్న ఆటను మార్చి, తయారుచేసిన జాంబీల ఆట అది. చెక్ స్టూడియో బొహీమియా ఇంటరాక్టివ్ దాన్ని విడి ఆటగా మార్చే పని పెట్టుకుంది. అమ్మకం పేజీలోనే పెద్దక్షరాలతో ఒక హెచ్చరిక ఉండేది: ఎర్లీ యాక్సెస్ అంటే ఏమిటో బాగా అర్థమైతే తప్ప ఇప్పుడు కొనవద్దని. అయినా నెల తిరిగేసరికి పది లక్షలకు పైగా ప్రతులు అమ్ముడయ్యాయి.

డబ్బు వచ్చింది, పని మాత్రం నత్తనడక నడిచింది. జాంబీలు గోడల్లోంచి దూసుకొచ్చేవి. నిచ్చెన ఎక్కుతూ ఎక్కుతూ ఉత్తపుణ్యానికి చచ్చిపోయేవాళ్లం. లోపల జరుగుతున్నది మామూలు మరమ్మతు కాదు. పాత ఇంజిన్, అంటే ఆటను నడిపించే మూల సాఫ్ట్‌వేర్, ఈ ఆట బరువు మోయలేదని తేలి, దాని స్థానంలో కొత్త ఇంజిన్‌ను ఒక్కో ముక్కగా ఎక్కించారు. జనం కాపురం ఉంటున్న ఇంటికి పునాది మార్చడమంటే అంతే మరి. ఆట అమ్మకానికి వచ్చిన కొన్ని వారాలకే తాను వెళ్లిపోబోతున్నానని డీన్ హాల్ ప్రకటించాడు, 2014లోనే వెళ్లిపోయాడు. 1.0 వచ్చేసరికి 2018 డిసెంబర్ అయింది, అంటే ఐదేళ్లు.

ఇక్కడ డబ్బు లెక్క ఒకటి చూడాలి, ఈ సమస్యకు వేరు అందులోనే ఉంది. మామూలుగా తయారయ్యే ఆటకు రాబడి మొదలయ్యేది విడుదల రోజునే. అందుకే జట్టు మొత్తాన్నీ ఆ తేదీ ముందుకు లాగుతుంది. ఎర్లీ యాక్సెస్‌లో కొనాలనుకున్నవాళ్లలో ఎక్కువమంది మొదటి నెలల్లోనే కొనేస్తారు. తర్వాత మిగిలేది బగ్గులు దిద్దడం, పాత కంప్యూటర్లలో కూడా ఆడేలా చేయడం, ముగింపు రాయడం. ఆటకు ప్రాణం పోసేది ఆ పనే, కానీ దానికి కొత్త రాబడి పెద్దగా ఉండదు.

స్పేస్‌బేస్ డీఎఫ్-9 అనే ఆట సంగతే తీసుకోండి. పేరున్న డబుల్ ఫైన్ స్టూడియో 2013 అక్టోబర్‌లో దాన్ని ఎర్లీ యాక్సెస్‌లో పెట్టింది. పెట్టుబడిదారులు పెట్టిన 4 లక్షల డాలర్లు రెండు వారాల్లోనే తిరిగొచ్చేశాయి. ఏడాది తిరక్కుండానే అమ్మకాలు పడిపోయాయి, ఖర్చు రాబడిని దాటింది. ఆడేవాళ్లకు చెప్పిన అంశాలు చాలావరకు పక్కనపెట్టి, ఉన్నదానికే 1.0 అని ముద్ర వేసి, సోర్స్ కోడ్‌ను జనానికి ఇచ్చేసి చేతులు కడుక్కున్నారు. పూర్తయిందన్న ముద్ర పడితే చాలదని నాకు అప్పుడే అర్థమైంది.

ఇలాంటి గొడవలు పెరిగాక వాల్వ్ 2014 నవంబర్‌లో నిబంధనలు గట్టి చేసింది. భవిష్యత్తులో జరగబోయేవాటి గురించి ఖచ్చితమైన వాగ్దానాలు చేయకూడదు. అమ్మకాలు నామమాత్రంగా ఉన్నా ఆటను తయారు చేసుకోగల స్తోమత లేకపోతే అసలు ఎర్లీ యాక్సెస్‌కే రాకూడదు. 2015 జూన్‌లో రిఫండ్ కూడా వచ్చింది: కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటల కంటే తక్కువ ఆడి ఉంటే డబ్బు వెనక్కి ఇస్తారు. రెండు గంటల్లో తేలిపోయే మోసానికి ఇది మందే. మూడేళ్ల తర్వాత తెలిసివచ్చే మోసానికి మాత్రం మందు లేదు.

హైదరాబాద్‌లో ప్రీ-లాంచ్ ఫ్లాట్‌కు డబ్బు కట్టి ఏళ్ల తరబడి తిరిగిన కుటుంబాలు మనలో చాలామందికి తెలుసు. అలాంటి బాధలు పడ్డాకే 2016లో రెరా చట్టం వచ్చింది. కొనుగోలుదారుల నుంచి తీసుకున్న డబ్బులో 70 శాతం విడి ఖాతాలో వేసి, ఆ ప్రాజెక్టుకే వాడాలని అందులో ఉంది. ఆటకు పెట్టేది ఇంటి డబ్బంత పెద్దది కాదు, నిజమే. కానీ ఎర్లీ యాక్సెస్‌లో కట్టిన డబ్బు ఆ ఆటకే ఖర్చు కావాలన్న నియమం స్టీమ్‌లో లేదు.

నా అనుభవం ఒకటి చెప్పాలి. 2016 చలికాలం సేల్‌లో ఒక సర్వైవల్ ఆట (బతికి బట్టకట్టడమే పనిగా ఉండేది) కొన్నాం, ముగ్గురు స్నేహితులం. ఒకడు డల్లాస్‌లో, ఇద్దరం ఇక్కడ. శనివారం రాత్రి వాడికి తెల్లారేది, మాకు నిద్రవేళ అయ్యేది. నాలుగు నెలలు కూర్చుని నది ఒడ్డున కోట కట్టాం. రెండు వరుసల పెట్టెలు, వాటి మీద ఎవరి సామాన్లు వాళ్లవని పేర్లు. ఒక అప్‌డేట్ వచ్చాక తెరిస్తే, మేం ఆడినదంతా దాచిన ఈ సేవ్ ఫైల్ కొత్త వెర్షన్‌లో పనిచేయదని ఒక్క లైను కనిపించింది. మళ్లీ మొదటి నుంచి కట్టాం. అది కూడా పోయింది. మూడోసారి ఎవరూ పిలవలేదు. వారం వారం వచ్చే డెవలపర్ల కబురు నెలకొకటైంది, తర్వాత పండగలకే వచ్చేది, ఆ తర్వాత ఆగిపోయింది.

ఆలస్యమైతే చాలు జనం తిడతారనుకోవడం సరికాదు. ప్రాజెక్ట్ జాంబాయిడ్ అనే ఆటను ఒక చిన్న బ్రిటిష్ జట్టు 2011 నుంచి అమ్ముతోంది. ఆ ఏడాదే దొంగలు పడి, కోడ్ ఉన్న ల్యాప్‌టాప్‌లు ఎత్తుకుపోయారు. అయినా నిలబడ్డారు. 2013 నవంబర్‌లో స్టీమ్‌కు వచ్చారు, 2021 డిసెంబర్‌లో బిల్డ్ 41 (వాళ్ల వెర్షన్లకు పేరు అది) పూర్తి చేశారు, 2024 డిసెంబర్‌లో బిల్డ్ 42ను పరీక్షకు వదిలారు. కొత్తది వద్దనుకుంటే పాత బిల్డ్‌లోనే ఆడుకునే వీలుంది, కాబట్టి కట్టుకున్నది కూలదు. బల్దర్స్ గేట్ 3 అనే ఆటది ఇంకో దారి. 2020 అక్టోబర్‌లో మొదటి అంకం మాత్రమే ఆడనిచ్చి, మిగతాది తలుపు వేసుకుని తయారుచేసి, 2023 ఆగస్టులో పూర్తిగా ఇచ్చారు. దాన్ని తయారుచేసిన లేరియన్ అంతకుముందే విజయాలు చూసిన స్టూడియో.

నన్ను ఎక్కువ బాధపెట్టింది కెర్బల్ రెండో ఆట. శ్రీహరికోట ప్రయోగాలు టీవీలో చూస్తూ పెరిగిన నాకు కక్ష్య అంటే ఏమిటో చేత్తో పట్టుకున్నట్టు చూపించింది మొదటి కెర్బల్. అది 2015 ఏప్రిల్‌లో 1.0 అయింది, మాట నిలబెట్టుకుంది. రెండో ఆట పెద్ద కంపెనీ టేక్-టూ చేతికి వెళ్లింది. 2020లో వస్తుందని చెప్పి, 2023 ఫిబ్రవరి 24న ఎర్లీ యాక్సెస్‌లో, 49.99 డాలర్లకు పెట్టారు. మంచి కంప్యూటర్లలో కూడా నత్తలా కదిలేది. ముందు ముందు ఏమేం వస్తాయో చెప్పే రోడ్‌మ్యాప్‌లో సైన్స్, కాలనీలు, వేరే నక్షత్రాలకు ప్రయాణం, మల్టీప్లేయర్ రాశారు. వాటిలో సైన్స్ ఒక్కటే ఆ డిసెంబర్‌లో వచ్చింది. 2024లో దాన్ని తయారుచేస్తున్న సియాటెల్ స్టూడియోలో ఉద్యోగాలు పోయాయి, జూన్ తర్వాత అప్‌డేట్లు ఆగిపోయాయి. అమ్మకం మాత్రం ఆగలేదు.

2025 ఫిబ్రవరిలో వాల్వ్ ఒక మార్పు తెచ్చింది. ఎర్లీ యాక్సెస్ ఆటకు ఏడాదికి పైగా అప్‌డేట్ రాకపోతే, చివరి అప్‌డేట్ వచ్చి ఎన్ని నెలలైందో, డెవలపర్లు చెప్పిన గడువులు ఇప్పుడు చెల్లకపోవచ్చన్న సంగతీ అమ్మకం పేజీలోనే కనిపిస్తుంది. పన్నెండేళ్లు ఆలస్యమైనా మంచి పనే. మేం ముగ్గురం కొన్న ఆట పేజీ మొన్న తెరిచి చూశాను. ఆ నోటీసు ఉంది. డల్లాస్‌లో ఉన్నవాడికి స్క్రీన్‌షాట్ పంపాను. నది ఒడ్డు కోట ఫొటో తన దగ్గర ఇంకా ఉందంటూ వెతికి పంపాడు.