సైకిల్ క్యారియర్‌పై అపోహలు - వాస్తవాలు: ఆ 25 కిలోల ముద్ర ఏం చెబుతుంది, ఏం చెప్పదు?

రోజూ సైకిల్ మీద ఉద్యోగానికి వెళ్లేవారికి క్యారియర్లు బిగించడం, విరిగినవాటిని విప్పడం నా వృత్తి. నా దగ్గరికి వచ్చేవారిలో ఎక్కువమంది మొదట అడిగేది ఒక్కటే: "ఇది ఎన్ని కిలోలు మోస్తుందండీ?" ల్యాప్‌టాప్, మార్చుకునే బట్టలు, రెయిన్‌కోటు, తాళం, పనిముట్లు అన్నీ సంచిలో సర్ది ఇంట్లోనే ఒకసారి తూకం వేసుకుని వచ్చేవారు మాత్రం అరుదు. వేసుకుంటే చాలామందికి 10 కిలోలు కూడా దాటదు. అయినా 25 కిలోల ముద్ర లేని క్యారియర్‌ను చేత్తో ముట్టుకోవడానికి కూడా ఇష్టపడరు.

అపోహ: క్యారియర్ మీద ఎంత బరువు ముద్రించి ఉంటే అంత బరువునూ నిశ్చింతగా వేయవచ్చు.

వాస్తవం: ఆ అంకె క్యారియర్‌ది, మీ సైకిల్‌ది కాదు. ఐఎస్ఓ 11243 అనే అంతర్జాతీయ ప్రమాణం క్యారియర్ల మీద బరువు వేసి కుదుపు పరీక్షలు పెడుతుంది. ఆ పరీక్షలో మీ ఫ్రేమ్‌కున్న మర రంధ్రం గానీ, మీ వెనక చక్రం స్పోకులు గానీ, కొన్న రోజు నుంచి ఎవరూ ముట్టని మీ బోల్టులు గానీ పాల్గొనలేదు. వెనక చక్రం అప్పటికే మీ శరీర బరువులో సగానికి పైగా మోస్తూ ఉంటుంది. దానిపై సంచి బరువు కూడా చేరినప్పుడు తరచుగా ముందు తెగేది చైన్ వైపు స్పోకు. క్యారియర్ అప్పటికీ నిక్షేపంగానే ఉంటుంది.

అన్నిటికన్నా ఎక్కువగా నేను చూసే నష్టం కింది బోల్టులది. క్యారియర్ కాళ్లు రెండూ ఇరుసు పక్కన ఒక్కొక్క ఎం5 బోల్టు మీద, అంటే 5 మి.మీ. లావు ఇనుము మీద నిలబడతాయి. పైనున్న బరువులో అధిక భాగం వాటిమీదుగానే దిగుతుంది. బోల్టు గట్టిగా బిగిసి ఉన్నంతకాలం కాలి పలకను ఫ్రేమ్‌కు అదిమి పట్టుకుంటుంది కాబట్టి, భారాన్ని ఆ రెండు ఉపరితలాల మధ్య రాపిడే మోస్తుంది. బోల్టు కాస్త వదులైతే పలక కదలడం మొదలుపెట్టి, ప్రతి గుంత దగ్గరా బోల్టును అటూ ఇటూ వంచుతుంది. అలా వంగి వంగి బోల్టు అలసి తెగిపోతుంది. ఇందుకు 25 కిలోలు అక్కర్లేదు. రోజూ తిరిగే 7 కిలోల సంచి చాలు.

ఒకసారి ఒకాయన తన యంత్రాల మరమ్మతు సామగ్రితో సహా సైకిల్‌ను నడిపించుకుంటూ వచ్చి, "ఇది పనికిరాదు, ఇంకా బలమైనది ఇవ్వండి" అన్నారు. ఆయన క్యారియర్‌లో ఎక్కడా వంపు లేదు, అతుకుల దగ్గర పగులూ లేదు. ఎడమ కాలి బోల్టు ఫ్రేమ్ అంచుతో సమానంగా తెగి, మిగిలిన ముక్క రంధ్రంలోనే ఉండిపోయింది. తెగిన ముఖాన్ని దీపం కింద పెట్టి చూస్తే సగం తుప్పుతో నల్లబడి, మిగతా సగం కొత్తగా మెరుస్తోంది. నల్లబడిన సగం ఎన్నాళ్ల క్రితమో పగిలింది. మెరిసే సగం ఆ రోజు తెగింది. రంధ్రం చుట్టూ పెయింటు ఉంగరంలా అరిగిపోయి ఉంది, అంటే పలక చాలాకాలంగా ఆడుతూనే ఉంది. ఎడమవైపుకు, అంటే బోల్టు వదులయ్యే దిశలో తిరుగుతూ తొలిచే డ్రిల్లుతో ఆ ముక్కను మెల్లగా బయటికి తీసి, అదే క్యారియర్‌ను కొత్త బోల్టులతో తిరిగి బిగించి ఇచ్చాను. ఆయన ఒప్పుకున్నారు గానీ, పాతదే ఇచ్చానన్న అసంతృప్తి ముఖంలో కనిపించింది. అదృష్టం కొద్దీ ఫ్రేమ్ రంధ్రంలోని మరలు దెబ్బతినలేదు. అవి పోయి ఉంటే కొత్త క్యారియర్ కొన్నా ఆ రంధ్రంలో అలాగే బిగించడం కుదిరేది కాదు.

కాబట్టి క్యారియర్ ఎంచుకునేటప్పుడు బిగింపు గురించి ముందు అడగండి. బోల్టు మర రంధ్రంలోకి కనీసం 5 మి.మీ. దిగాలి, అల్యూమినియం ఫ్రేమ్ అయితే అంతకన్నా ఎక్కువ దిగితే మంచిది. చైన్ వైపు బోల్టు కొస లోపలికి పొడుచుకు వచ్చి చిన్న పళ్లచక్రానికో చైన్‌కో తగలకుండా, చక్రం తిప్పి గేర్లన్నీ మార్చి చూడాలి. మధ్యస్థ బలం గల థ్రెడ్ లాకర్ (బోల్టు వదులు కాకుండా మరలకు వేసే జిగురు) ఒక్క చుక్క వేసి, తయారీదారు చెప్పిన బిగువుకు, సాధారణంగా 5 న్యూటన్ మీటర్ల దరిదాపుల్లో, బిగించాలి. మొదటి వారం గడిచాక ఒకసారి, ఆ తర్వాత గాలి కొట్టుకున్నప్పుడల్లా అలెన్ కీ పెట్టి చూడాలి. క్యారియర్‌కు, ఫ్రేమ్‌కు మధ్య గొట్టం ముక్కలు పెట్టి దూరం జరిపితే బోల్టుపై వంపు భారం పెరుగుతుంది. డిస్క్ బ్రేకు క్యాలిపర్ (డిస్కును నొక్కి పట్టే భాగం) అడ్డొస్తోందని చాలామంది చేసేది సరిగ్గా ఇదే. దానికి బదులు డిస్క్ బ్రేకుల కోసమే కాళ్లను వెడల్పుగా వంచి చేసిన క్యారియర్ తీసుకోండి.

అపోహ: ఫ్రేమ్‌కు మర రంధ్రాలు లేకపోతే సైకిలే మార్చాలి.

వాస్తవం: ఈ మాట విని దిగులుతో వచ్చేవారిని చూస్తే, ఆ మాట చెప్పినవారి మీదే కోపం వస్తుంది. పైభాగానికి రంధ్రాలున్న సీటు క్లాంపు, కింద ఇరుసుకు తగిలించే క్యారియర్ దొరుకుతాయి. లోహపు ఫ్రేమ్‌కు రబ్బరు పొర ఉన్న పి-క్లాంపులు (ఫ్రేమ్ గొట్టాన్ని చుట్టి పట్టే పట్టీలు) కూడా తేలికపాటి సామానుకు సరిపోతాయి. కార్బన్ ఫ్రేమ్‌కు మాత్రం తయారీదారు అనుమతి లేకుండా ఏ క్లాంపూ బిగించవద్దు. సీటు గొట్టానికి మాత్రమే పట్టుకుని వేలాడే క్యారియర్లు వేరు. వాటి హద్దు సాధారణంగా 10 కిలోల లోపే, పైగా పక్క సంచులు వేస్తే అటూ ఇటూ తిరుగుతాయి. ఒక్క చిన్న సంచి పైన పెట్టుకునేవారికి పర్వాలేదు.

అపోహ: ఏ సంచి అయినా ఏ క్యారియర్‌కైనా పడుతుంది.

వాస్తవం: పడదు. క్యారియర్ కడ్డీ లావు ఒకటి, సంచి కొక్కెం నోరు మరొకటి అయితే గుంతల్లో సంచి ఎగిరి గడగడలాడుతుంది. ఆ చప్పుడుకు భయపడి క్యారియర్ విరుగుతోందేమోనని పరుగున వచ్చేవారు ఉన్నారు. చాలాసార్లు కొక్కెంలో సరైన ప్లాస్టిక్ ముక్క వేస్తే చప్పుడు ఆగిపోతుంది. ఇక మడమ సంగతి: వెనక భాగం పొట్టిగా ఉండే రోడ్ సైకిళ్లలో పెడల్ తొక్కుతుంటే మడమ సంచికి తగులుతుంది. మీరు రోజూ వేసుకునే బూట్లతోనే, సంచి నింపి, తొక్కి చూశాకే కొనండి. సంచిని మరీ వెనక్కి జరిపితే బరువు ఇరుసు దాటి పోయి ముందు చక్రం తేలికపడుతుంది.

ఒకే వైపు సంచి వేస్తే సైకిల్ పడిపోతుందన్నది వట్టి పుకారు. 5, 6 కిలోల వరకు ఒకటి రెండు రోజుల్లో అలవాటవుతుంది. స్టాండు వేసేటప్పుడే జాగ్రత్త కావాలి.

చివర ఇనుప కొక్కేలున్న సాగే తాళ్లతో పైన కట్టుకునేవారు ఆ కొక్కెం జారి స్పోకుల్లో పడితే ఏమవుతుందో ఆలోచించాలి. బకిల్ ఉన్న పట్టీ వాడితే ఆ బెడద లేదు.

వెనక దీపాన్ని సీటు గొట్టానికి పెట్టుకున్నవారు నిండిన సంచి దాన్ని కప్పేస్తుందో లేదో కొనకముందే చూసుకోవాలి. క్యారియర్ వెనక అంచున ఒకదానికొకటి 50 లేదా 80 మి.మీ. దూరంలో రెండు రంధ్రాలున్న పలక ఉంటే దీపాన్ని అక్కడికి మార్చవచ్చు.