డ్రైనేజీలో ఏది పోసినా పోతుందా? మురుగునీటి రూల్స్ మీద అపోహలు – వాస్తవాలు

హైదరాబాద్‌లో డ్రైనేజీ లైన్ల మెయింటెనెన్స్‌లో పనిచేస్తున్నా, చాలా ఏళ్ళయింది. కంప్లయింట్ మీద ఏ గల్లీకి పోయినా, ఏ హోటల్ వెనక్కి పోయినా, ఏ ఫ్యాక్టరీ గేటు ముందు నిలబడ్డా అవే మాటలు వినిపిస్తాయి, అందుకని ఒకచోట రాసి పెడదామనిపించింది. డ్రైనేజీ రూల్స్ అనగానే ఫైన్లు వెయ్యడానికి పెట్టారు అనుకుంటారు జనం. ఆ రూల్స్ చదివినప్పుడల్లా నాకు వాటి వెనక ఇద్దరు కనిపిస్తారు, లైన్ మీద పనిచేసే కార్మికుడు ఒకరు, లైన్ చివర ఆ నీళ్ళు కలిసే మూసీ ఒడ్డున బతికే రైతు ఇంకొకరు. మనం సింకులో, బాత్రూంలో, ఫ్యాక్టరీ సంపులో వదిలింది ఆ ఇద్దరిలో ఎవరో ఒకరి దగ్గరికి చేరాల్సిందే, మధ్యలో మాయమయ్యేది చాలా తక్కువ.

అపోహ: వేడినీళ్ళు, డిష్‌వాష్ లిక్విడ్ పోస్తే నూనె కరిగిపోతుంది

సింకులోంచి అయితే పోతుంది, నిజమే. కానీ కొన్ని మీటర్లు పోయేసరికి నీళ్ళు చల్లబడతాయి, కరిగిన నూనె మళ్ళీ గడ్డకట్టి పైపు గోడకి పట్టేస్తుంది, దాని మీద టీ పొడి, వెంట్రుకలు, టిష్యూలు అతుక్కుంటాయి, మర్నాడు దాని మీద ఇంకో పొర. మన సీవర్ లైన్లు, అంటే మురుగు పైపులు, చాలావరకు మోటర్ మీద కాదు, వాలు మీద నడుస్తాయి. నీళ్ళు కనీసం సెకనుకి 0.6 మీటర్ల స్పీడుతో పారితేనే ఇసుక అడుగున ఆగకుండా కొట్టుకుపోతుందని లెక్కేసి ఆ వాలు పెడతారు. లోపల గ్రీజు పేరుకుంటే ఆ స్పీడు పడిపోతుంది, స్పీడు పడిపోతే సిల్ట్ (మట్టి, బురద) ఆగుతుంది, సిల్ట్ ఆగితే ఇంకా గ్రీజు పట్టుకుంటుంది, ఇట్లా ఒకదాన్ని పట్టుకుని ఒకటి.

బిర్యానీ హోటళ్ళు, కర్రీ పాయింట్లు వరసగా ఉన్న వీధిలో మ్యాన్‌హోల్ మూత ఎత్తి చూడండి ఒకసారి. నీళ్ళ మీద లేత పసుపు రంగులో మందంగా ఒక తెట్టు, దానిలో ఇరుక్కున్న ఉల్లిపొట్టు, అన్నం మెతుకులు, పాల ప్యాకెట్ మూలలు, స్ట్రాలు. పైపు మూతి దగ్గర పట్టిందయితే బట్టల సబ్బులా గట్టిగా ఉంటుంది, గడ్డపారతో పొడిస్తే పెచ్చులు పెచ్చులుగా ఊడొస్తుంది. 200 మిల్లీమీటర్ల పైపులో పిడికిలి పట్టేంత సందు మిగిలిన చోట్లు నేను చూశాను. జెట్టింగ్ మిషన్ పెట్టి ప్రెషర్‌తో కొడితే పోతుంది కానీ నెల తిరిగేసరికి మళ్ళీ అదే కంప్లయింట్.

దీనికోసమే హోటళ్ళు, హాస్టళ్ళు, పెద్ద బిల్డింగులు సిల్ట్ చాంబర్, గ్రీజ్ ట్రాప్ కట్టుకోవాలని చెప్తారు, నోటీసులు ఇస్తారు. చాలామంది నోటీసు వచ్చిందని కట్టేసి వదిలేస్తారు, అసలు సంగతి అక్కడే ఉంది. ఆ ట్రాప్ చేసే పని చాలా సింపుల్, నీళ్ళని కాసేపు ఆపుతుంది, ఆగితే నూనె పైకి తేలుతుంది, మట్టి కిందకి దిగుతుంది, మధ్యలో నీళ్ళు మాత్రం బయటికి పోతాయి. పైన తెట్టు, కింద సిల్ట్ నిండిపోతే నీళ్ళు ఆగడానికి చోటే ఉండదు, అప్పుడది ఉత్త సిమెంటు డబ్బా. హోటల్ అయితే వారానికి ఒకసారైనా తియ్యాలి, రద్దీ హోటల్ అయితే ఇంకా ముందే. తీసినదాన్ని తీసుకుపోయి ముందున్న మ్యాన్‌హోల్‌లో పొయ్యకూడదు, ఇది కూడా చెప్పాల్సి వస్తోందంటే అర్థం చేసుకోండి.

ఇంట్లో వాళ్ళకి ఒకటే మాట, మాడిన నూనె పాత సీసాలో పోసి చెత్తబండికి ఇవ్వండి, కడాయి కడిగేముందు న్యూస్‌పేపర్‌తో తుడవండి, చాలు.

అపోహ: సీవరేజ్ సెస్ కడుతున్నాం కదా, ఏది వదిలినా వాళ్ళ పని వాళ్ళు చేసుకోవాలి

హైదరాబాద్‌లో నీళ్ళ బిల్లు మీద 35 శాతం సీవరేజ్ సెస్ పడుతుంది. అది మామూలు ఇంటి మురుగు మోసుకెళ్ళి శుద్ధి చెయ్యడానికి. ప్యాడ్లు, డైపర్లు, వెట్ వైప్స్, బిల్డింగ్ మెటీరియల్ అందులోకి రావు. ప్యాకెట్ మీద ఫ్లష్ చెయ్యొచ్చని రాసి ఉన్నా సరే వైప్స్ ఫ్లష్ చెయ్యకండి, అవి టాయిలెట్ పేపర్‌లా నీళ్ళలో విడిపోవు, లైన్లో ఎక్కడ చిన్న గరుకు ఉన్నా అక్కడ తాడులా పేనుకుపోతాయి. ప్యాడ్లు విడిగా చుట్టి చెత్త వాళ్ళకి ఇవ్వాలని 2016 ఘన వ్యర్థాల రూల్స్‌లోనే చెప్పారు.

అపోహ: వాన పడ్డప్పుడు మ్యాన్‌హోల్ మూత తీస్తే రోడ్డు మీద నీళ్ళు తొందరగా పోతాయి

దయచేసి ఈ పని మాత్రం చెయ్యొద్దు. డ్రైనేజీ లైన్ వేరు, వాననీటి కాలువ వేరు. మనకి సప్లై అయ్యే నీళ్ళలో సుమారు 80 శాతం మురుగుగా తిరిగొస్తుందని లెక్కకట్టి ఆ సైజు పైపు వేస్తారు, వాననీళ్ళ లెక్క అందులో లేదు. మూత తీసిన పది నిమిషాలకే లైన్ నిండిపోతుంది, ఆ తర్వాత పల్లంలో ఉన్న ఇళ్ళలో బాత్రూం కమోడ్‌లోంచి, సెల్లార్ చాంబర్‌లోంచి మురుగు ఎగదన్నుతుంది. మీ ఇంటి ముందు రోడ్డు ఖాళీ అయి ఉండొచ్చు, కింద వీధిలో ఎవరో మంచం మీదకెక్కి కూర్చుని ఉంటారు. రోడ్డు మీద నీళ్ళు నిలిచినప్పుడు తెరిచిన మ్యాన్‌హోల్ కనపడదు, అందులో పడి కొట్టుకుపోయినవాళ్ళున్నారు. జలమండలి (హైదరాబాద్ నీళ్ళు, డ్రైనేజీ చూసే బోర్డు) 1989 చట్టం ప్రకారం సొంతంగా మూతలు తియ్యడం నేరం కూడా.

మేడ మీది వాన పైపుని డ్రైనేజీ చాంబర్‌లో కలపడం ఇదే తప్పుకి ఇంకో రూపం. మేస్త్రీకి దగ్గర్లో చాంబర్ కనిపిస్తే అందులో పెట్టేస్తాడు, ఇల్లు కట్టేటప్పుడు మీరే దగ్గరుండి చూసుకోండి, ఆ నీళ్ళని ఇంకుడు గుంతకి మళ్ళించండి.

అపోహ: మా సెప్టిక్ ట్యాంక్ పదేళ్ళుగా నిండలేదు, అంత బాగా కట్టాం

శివారు కాలనీల్లో ఈ మాట గర్వంగా చెప్తారు. పదేళ్ళు నిండలేదంటే అర్థం రెండే, ఒకటి అడుగున గచ్చు లేకపోవడంతో భూమిలోకి ఇంకిపోతోంది, అంటే పక్కింటి బోరులోకి. రెండోది లోపల సిల్ట్ నిండిపోయి వచ్చిందంతా వచ్చినట్టే అవుట్‌లెట్ పైపులోంచి ముందున్న మోరీలోకి పోతోంది. సెప్టిక్ ట్యాంక్ సగం పనే చేస్తుంది, దాంట్లోంచి వచ్చే నీళ్ళు ఇంకుడు గుంతకో సీవర్‌కో పోవాలి, ఓపెన్ నాలాలోకి కాదు. రెండు మూడేళ్ళకి ఒకసారి ట్యాంకర్ పిలిచి తీయించాలి. ఆ ట్యాంకర్ దాన్ని ఎక్కడ పోస్తుందో అడగండి, చెరువు గట్టున రాత్రిపూట పోసి పోయేవాళ్ళు ఉన్నారు. వరంగల్ కార్పొరేషన్ దేశంలో అందరికన్నా ముందు 2016లోనే దీనికి ప్రత్యేకంగా రూల్స్ తెచ్చింది, ట్యాంకర్లకి లైసెన్సు, తీసిన మలాన్ని శుద్ధి చేసే ప్లాంటు పెట్టింది. మన జిల్లా కేంద్రం ఒకటి చెయ్యగలిగిన పని ఇది, మిగతా ఊళ్ళు ఎందుకు చెయ్యలేవు అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

అపోహ: ఫ్యాక్టరీ నీళ్ళని బోరునీళ్ళతో కలిపి పల్చన చేస్తే లిమిట్‌లోకి వస్తాయి, ఎలాగూ సీవర్‌లోకేగా

చిన్న యూనిట్ల వాళ్ళు చాలామంది నిజంగానే ఇది తప్పు కాదనుకుంటారు, అందుకే వివరంగా చెప్తా.

1974 నీటి కాలుష్య చట్టం నదికి, చెరువుకి, బావికి వర్తించినట్టే సీవర్‌కి కూడా వర్తిస్తుంది. పీసీబీ (కాలుష్య నియంత్రణ మండలి) కన్సెంట్, అంటే అనుమతి, లేకుండా పరిశ్రమ నీళ్ళు సీవర్‌లోకి వదలడానికి లేదు. 1986 పర్యావరణ రూల్స్‌లో పబ్లిక్ సీవర్‌కి విడిగా లిమిట్స్ ఉన్నాయి: లీటరుకి బీఓడీ (నీళ్ళలోని మురికిని బ్యాక్టీరియా తినెయ్యడానికి కావాల్సిన ఆక్సిజన్, ఇది ఎంత ఎక్కువుంటే అంత మురికి) 350 మిల్లీగ్రాములు, తేలే ఘనపదార్థాలు 600, నూనె, గ్రీజు 20, పీహెచ్ 5.5 నుంచి 9 మధ్య, సీసం 1, మొత్తం క్రోమియం 2. అదే వాగులోకో నదిలోకో వదిలితే బీఓడీ 30, ఘనపదార్థాలు 100, నూనె 10. సీవర్‌కి ఇంత సడలింపు ఎందుకిచ్చారంటే చివర్లో బ్యాక్టీరియాతో శుద్ధి చేసే ప్లాంటు ఉంటుందని. కింద ఒక నోట్ ఉంటుంది, చాలామంది చదవరు: ఆ సీవర్ చివర అలాంటి ప్లాంటు లేకపోతే అది సీవర్‌గా లెక్కకి రాదు, వాగులోకి వదిలినట్టే, అంటే 350 కాస్తా 30 అయిపోతుంది. మీ కాలనీ లైన్ నేరుగా నాలాలో కలుస్తుంటే మీకు వర్తించేది 30.

ఇక పల్చన చెయ్యడం. 100 లీటర్ల నీళ్ళలో లీటరుకి 2000 మిల్లీగ్రాముల బీఓడీ ఉందనుకోండి, మొత్తం 200 గ్రాములు. 900 లీటర్ల బోరునీళ్ళు కలిపితే శాంపిల్‌లో 200 మిల్లీగ్రాములే కనిపిస్తుంది, పాస్ అయిపోతారు. కానీ లైన్లోకి పోయింది అదే 200 గ్రాములు, దాంతోపాటు 900 లీటర్ల మంచినీళ్ళు దండగ, పైపులో చోటు దండగ, ప్లాంటులో కరెంటు దండగ. ప్లేటింగ్ యూనిట్ల క్రోమియం, నికెల్ లాంటివయితే బ్యాక్టీరియా అసలు తినవు, కొంత బురదలో చేరుతుంది, కొంత నీళ్ళతోపాటు దాటిపోతుంది, ఒక్కసారిగా ఎక్కువ వస్తే ప్లాంటులో బ్యాక్టీరియానే చచ్చిపోతుంది. అది మళ్ళీ పెరిగి కుదురుకునే దాకా ఊరి మురుగంతా సగం సగం శుద్ధితోనే నదిలోకి పోతుంది.

సాల్వెంట్లు, పెట్రోలు అయితే ఇంకా ప్రమాదం, ఆవిరై పైపు పైభాగంలో నిండి ఉంటాయి, నిప్పురవ్వ చాలు. 1992 ఏప్రిల్ 22న మెక్సికోలోని గ్వాడలహారాలో పెట్రోలు సీవర్లోకి లీకై వీధులకి వీధులే పేలిపోయాయి, 200 మందికి పైగా చనిపోయారు.

అపోహ: చివర్లో ఎస్టీపీ (మురుగు శుద్ధి ప్లాంటు) ఉంది, అన్నీ అదే చూసుకుంటుంది

హైదరాబాద్‌లో అంబర్‌పేట ప్లాంటు 339 ఎంఎల్‌డీది (ఎంఎల్‌డీ అంటే రోజుకి పది లక్షల లీటర్లు), అంటే రోజుకి దాదాపు 34 కోట్ల లీటర్లు. 2021లో ఇంకో 31 ఎస్టీపీలు, 1,259.5 ఎంఎల్‌డీ, 3,866 కోట్లతో మంజూరయ్యాయి. మంచి పనే, కావాల్సిందే. కానీ ఎన్ని కట్టినా అవి డిజైన్ చేసింది మనిషి మురుగు కోసం, మందుల ఫ్యాక్టరీ నీళ్ళ కోసం కాదు.

హైదరాబాద్ శివార్లలో ఫ్యాక్టరీలున్న పటాన్‌చెరు సంగతే చూడండి. అక్కడి ఫ్యాక్టరీల నీళ్ళు మొదట్లో కామన్ ట్రీట్‌మెంట్ ప్లాంటు దాటి ఇస్కవాగు, నక్కవాగు మీదుగా మంజీరాలోకి పోయేవి. ఆ ప్లాంటులోంచి బయటికొచ్చే నీళ్ళని స్వీడన్ శాస్త్రవేత్తలు టెస్ట్ చేసి 2007లో ఫలితాలు బయటపెట్టారు, సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. శుద్ధి చేశాక వచ్చే నీళ్ళవి! తర్వాత 18 కిలోమీటర్ల పైప్‌లైన్ వేసి ఆ నీళ్ళని సిటీ సీవర్లో కలిపి అంబర్‌పేటకి పంపారు. వాగు పక్క ఊళ్ళకి కొంత ఊరట, ఒప్పుకుంటా. కానీ బీఓడీ తగ్గించే ప్లాంటు యాంటీబయాటిక్‌ని పట్టుకోవాలని ఎక్కడా లేదు, దానికి లిమిటే లేదు. 2020 జనవరిలో కేంద్రం డ్రాఫ్ట్‌లో యాంటీబయాటిక్స్‌కి లిమిట్స్ పెట్టింది, 2021 ఆగస్టులో వచ్చిన ఫైనల్ రూల్స్‌లో అవి తీసేశారు. నా మటుకు నాకు ఇది చాలా పెద్ద నష్టం అనిపిస్తుంది, ఎందుకంటే రూల్ పుస్తకంలో లేనిదాన్ని శాంపిల్‌లో ఎవరూ వెతకరు.

అపోహ: ఎంత మిషన్ ఉన్నా మనిషి దిగితేనే లైన్ క్లియర్ అవుతుంది

మనుషుల చేత మలం ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం రక్షణ సామగ్రి లేకుండా సీవర్‌లోకి, సెప్టిక్ ట్యాంక్‌లోకి మనిషిని దింపడం నేరం, మొదటిసారికే రెండేళ్ళ దాకా జైలు, రెండు లక్షల దాకా ఫైన్. దింపింది అపార్ట్‌మెంట్ సెక్రటరీ అయినా సరే. చనిపోతే కుటుంబానికి 30 లక్షలు ఇవ్వాలని 2023 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది, అంతకుముందు 10 లక్షలుండేది.

"వాసన లేదు, పర్లేదు దిగు" అంటారు. లోపల ఉండే హైడ్రోజన్ సల్ఫైడ్‌కి కుళ్ళిన గుడ్డు వాసన ఉంటుంది, కానీ 100 పీపీఎం (గాలిలో పది లక్షల భాగాలకి 100 భాగాలు) దాటితే కాసేపట్లోనే ముక్కు దాన్ని పసిగట్టడం మానేస్తుంది. అంటే వాసన పోయిందీ అంటే ప్రమాదం పోయినట్టు కాదు, ఎక్కువైనట్టు కూడా కావొచ్చు. ఇంకా ఎక్కువుంటే రెండు మూడు శ్వాసలకే మనిషి పడిపోతాడు, పైనున్నవాడు తమ్ముడో బావమరిదో అయి ఉంటాడు, ఆగలేక దూకుతాడు, ఇద్దరూ పోతారు. అగ్గిపుల్ల గీసి లోపలేసి చూడటం అస్సలు వద్దు, మీథేన్ ఉంటే అంటుకుంటుంది, లేకపోతే హైడ్రోజన్ సల్ఫైడ్ ఉన్నదీ లేనిదీ దానితో తెలీదు. గ్యాస్ డిటెక్టర్ ఒక్కటే మార్గం. హైదరాబాద్‌లో ఇరుకు గల్లీలకి కూడా పట్టే మినీ జెట్టింగ్ మిషన్లు 2017 నుంచీ తిరుగుతున్నాయి, కాబట్టి గల్లీ చిన్నది అనే సాకు లేదు. యాసిడ్ పోసి చూద్దాం అనేవాళ్ళు కూడా ఆగండి, లైన్లో పేరుకున్న సిల్ట్‌లో సల్ఫైడ్ ఉంటుంది, యాసిడ్ తగిలితే అదే విషవాయువు గుప్పున లేస్తుంది.

సెప్టిక్ ట్యాంక్ తీయించాలంటే 14420కి, లైన్ చోక్ అయితే 155313కి ఫోన్ చెయ్యండి. చేసేముందు నీళ్ళ బిల్లు మీదుండే క్యాన్ నంబర్ (మీ కనెక్షన్ ఖాతా నంబర్) దగ్గర పెట్టుకోండి, మీ వీధిలో మ్యాన్‌హోళ్ళు ఏవి పొంగుతున్నాయో మూతలు తియ్యకుండా పైనుంచే చూసి చెప్పండి. వరసలో ఆఖరుగా పొంగుతున్న దానికీ, పల్లం వైపు పొంగకుండా ఉన్న మొదటిదానికీ మధ్యలోనే చాలాసార్లు చోక్ ఉంటుంది. ఆ ఒక్క సంగతి చెప్తే మిషన్ నేరుగా అక్కడికే వచ్చి నిలబడుతుంది.