ఫల్గుణను దాటిన ఉల్లికోడు: వరి పురుగులపై అపోహలు - వాస్తవాలు

"అదే పురుగు కదా సార్, పక్క జిల్లాలో ఆగిన రకం మా చేలో ఎందుకు ఆగలేదు?" వరి పురుగుల మీద పనిచేసేవాళ్ళం తరచూ వినే ప్రశ్న ఇది. చూడటానికి ఒకేలా ఉన్న పురుగులు జన్యువుల్లో వేరుగా ఉండవచ్చు. రైతుకి నష్టం వచ్చేది చాలాసార్లు అక్కడే.

అపోహ: ఉల్లికోడును తట్టుకునే రకం ఎక్కడ వేసినా తట్టుకుంటుంది.

వాస్తవం: ఉల్లికోడు అంటే వరి పిలకను ఉల్లికాడలాంటి గొట్టంగా మార్చే పురుగు. మన దేశంలో దీనిలో ఏడు బయోటైప్‌లను, అంటే చూడటానికి ఒకేలా ఉన్నా వేర్వేరు వరి రకాలను దాటగలిగే తెగలను, గుర్తించారు. రంగూ రెక్కలూ చూసి వాటిని విడదీయలేం. వేర్వేరు నిరోధక జన్యువులున్న వరి రకాలను వరసగా నాటి, వేటిలో గొట్టాలు వచ్చాయో, వేటిలో రాలేదో చూసి తేలుస్తాం. వరంగల్ రకమైన డబ్ల్యూ 1263లో ఉన్నది జీఎం1 జన్యువు. అది ఈశ్వరకోర అనే పాత దేశీ రకం నుంచి వచ్చింది. ఫల్గుణ అనే వరి రకంలో ఉన్నది జీఎం2, సియామ్ 29 అనే రకం నుంచి వచ్చింది. ఉల్లికోడు ప్రాంతాల్లో ఫల్గుణ రైతులను బాగా ఆదుకుంది. కానీ 1980ల రెండో సగంలో శ్రీకాకుళం జిల్లాలో అదే ఫల్గుణలో గొట్టాలు కనిపించాయి. ఆ పురుగు నాలుగో బయోటైప్. తర్వాత వరంగల్‌లో 4ఎం అనే మరో బయోటైప్ బయటపడింది. అందుకే విత్తనం కొనేటప్పుడు "ఉల్లికోడును తట్టుకుంటుంది" అన్న మాటతో ఆగకండి. మా ప్రాంతంలో ఉన్న బయోటైప్‌ను తట్టుకుంటుందా అని అడగండి. ఆ వివరం చెప్పకుండా రకాన్ని సిఫారసు చేయడం సరైన పని కాదని నా గట్టి అభిప్రాయం.

అపోహ: పురుగు నెమ్మదిగా రకానికి, మందుకి అలవాటు పడిపోతుంది.

వాస్తవం: ఏ పురుగూ తన బతుకులో అలా అలవాటు పడి మారిపోదు. చేలో ఉన్న లెక్కలేనన్ని పురుగుల్లో తట్టుకోగలిగినవి కొన్ని ముందే ఉంటాయి. మిగతావి చస్తే, జతకట్టడానికి మిగిలేవి అవే. ఉల్లికోడులో ఫల్గుణను దాటే గుణం లింగ క్రోమోజోమ్ మీద ఉంటుంది. ఆడపురుగులో అది రెండు కాపీలు ఉంటేనే బయటపడుతుంది, మగపురుగుకి తల్లి నుంచి వచ్చే ఒక్క కాపీ చాలు. ఊరూరా ఒకే జన్యువున్న రకం వేస్తే ఈ ఎంపిక ఇంకా వేగంగా జరుగుతుంది. సుడిదోమ తెచ్చే దోమపోటును తట్టుకునే ఐఆర్ 26 వరి రకం 1973లో విడుదలైంది, కొన్నేళ్ళకే దాన్ని తినగలిగే దోమ పెరిగింది. ఒకే రకంలో రెండు మూడు నిరోధక జన్యువులు చేర్చాలని ఇప్పుడు ఇంత పట్టుబట్టేది ఇందుకే.

అపోహ: మందు కొట్టినా దోమ చావలేదంటే డబ్బా కల్తీదే.

వాస్తవం: కల్తీ ఉండొచ్చు. కానీ ఇమిడాక్లోప్రిడ్‌ను ఒంట్లోనే విరిచేసుకునే సుడిదోమ ఆసియాలో చాలా చోట్ల ఉంది. అదే మందును మోతాదు పెంచి కొడితే అలాంటి దోమే ఇంకా మిగులుతుంది.

అపోహ: గట్ల మీద గడ్డి, అడవి మొక్కలు పురుగులకు పుట్టిళ్ళు. అన్నీ తగలబెట్టాలి.

వాస్తవం: ఫిలిప్పీన్స్‌లో వరి పక్కనే పెరిగే లీర్సియా అనే గడ్డి మీద సుడిదోమ కనిపిస్తుంది. పరీక్షిస్తే, ఆ గడ్డి దోమ వరి మీద సరిగా బతకలేదు. సుడిదోమలు జత కోసం కాండాన్ని అదిలిస్తూ పిలుచుకుంటాయి. గడ్డి దోమ పిలుపు, వరి దోమ పిలుపు ఒకటి కావు. కాబట్టి గట్టు మీద దోమ కనిపించగానే అది మన వరి మీదికి వస్తుందనుకోవడానికి లేదు. పైగా సాలీళ్ళు, మిరిడ్ నల్లుల్లాంటి మిత్రపురుగులు ఆ గడ్డిలోనే తలదాచుకుంటాయి. దోమపోటును తట్టుకునే జన్యువులు ఎన్నో అడవి వరి జాతుల నుంచే తెచ్చుకున్నాం, వాటిని పోగొట్టుకుంటే మళ్ళీ తెచ్చుకోలేం. అయితే చేలోని కలుపు వరి, కోత తర్వాత మోళ్ళ నుంచి లేచే పిలకల సంగతి వేరు. వాటి మీద ఉల్లికోడు నిలబడుతుంది కాబట్టి వాటిని తీసేయాల్సిందే.

అపోహ: కత్తెర పురుగులో 'వరి తెగ' మన దేశానికి వచ్చింది, ఇక వరి పని అయిపోయినట్టే.

వాస్తవం: కత్తెర పురుగులో వరి తెగ, మొక్కజొన్న తెగ అని రెండున్నాయి. 2018లో కర్ణాటకలో కనిపించిన ఈ పురుగులో ఒక జన్యు గుర్తు వరి తెగను చూపిస్తే, మరో గుర్తు మొక్కజొన్న తెగను చూపించింది. మన దగ్గర అది ఎక్కువగా తింటున్నది మొక్కజొన్ననే. వరిలో లద్దె పురుగు కనిపిస్తే టెన్షన్ పడకుండా ముందు దాన్ని పట్టి చూడండి. తల మీద తిరగేసిన వై గుర్తు, తోక వైపు చతురస్రంగా నాలుగు నల్ల చుక్కలు ఉంటే కత్తెర పురుగు. లేకపోతే అది మన పాత కంకి కత్తిరించే పురుగు అయ్యుండొచ్చు.