పాల పళ్లే కదా అని వదిలేయొద్దు: క్రాస్‌బైట్, వంకర పళ్లపై అపోహలు - వాస్తవాలు

నల్గొండలో పళ్ల డాక్టర్‌నైన నా దగ్గరికి పిల్లల్ని తీసుకొచ్చే తల్లిదండ్రులు పైకి కనిపించే ముందు పళ్ల వరుస గురించే అడుగుతారు. నేను మాత్రం "దవడ పళ్లు కరిచిపెట్టు బిడ్డా" అని, బుగ్గ పక్కకు లాగి చూస్తాను. పై పళ్లు కింది పళ్లకు బయటి వైపు, డబ్బా మీద మూతలా కూర్చోవాలి. ఏ పై పన్నైనా కింది పన్నుకు లోపల పడితే అది క్రాస్‌బైట్. దవడ పళ్లలో వచ్చేది నవ్వినా కనిపించదు. అందుకే ఏళ్ల తరబడి ఎవరి కంటా పడదు.

అపోహ: "పాల పళ్లే గద సార్, ఊడిపోతే కొత్తవి మంచిగనే వస్తయి."

క్రాస్‌బైట్ విషయంలో ఈ మాట చాలావరకు నిజం కాదు. మొన్న చండూరు వైపు నుంచి ఎనిమిదేళ్ల పాప వచ్చింది. నోరు తెరిస్తే గడ్డం నిటారుగానే ఉంది. మెల్లగా మూయమన్నాను. పాల కోరపళ్లు ఒకదానికొకటి తగిలిన చోట దవడ క్షణం ఆగి, ఎడమకు జారి, అప్పుడు మూసుకుంది. వాళ్లమ్మ అప్పటిదాకా అది గమనించనే లేదు. పై దవడ ఇరుకుగా ఉండి నమలడానికి పళ్లు సరిగ్గా కలవకపోతే, పిల్లలు తెలియకుండానే కింది దవడను పక్కకు జరుపుకుంటారు. ఎదిగే వయసంతా అలాగే సాగితే దవడ ఎముక ఆ వంకరలోనే పెరిగే ప్రమాదం ఉంది.

పై దవడ రెండు సగాలు అంగిలి మధ్యలో కలుస్తాయి. చిన్న వయసులో ఆ అతుకు ఇంకా గట్టిపడదు కాబట్టి ఎక్స్‌పాండర్ అనే పరికరంతో దవడను వెడల్పు చేయగలం. దాని స్క్రూను ఇంట్లో తల్లే చిన్న కీతో తిప్పొచ్చు. ఒక్క తిప్పుకు సాధారణంగా పావు మిల్లీమీటరు జరుగుతుంది. ఎదుగుదల ముగిశాక ఇదే పనికి కొందరికి సర్జరీ దాకా వెళ్లాల్సి వస్తుంది. ఏడేళ్లకల్లా ఒకసారి చూపించమని మేం పట్టుబట్టేది ఇందుకే.

ముందు పళ్లలో ఒక్క పన్నే లోపల ఇరుక్కున్నా తేలిగ్గా తీసుకోకండి. దాన్ని గుద్దుకునే కింది పన్ను చిగురు కిందికి జారిపోవచ్చు, పన్ను అరిగిపోవచ్చు.

అపోహ: ముందు పళ్ల మధ్య సందు ఉంటే వెంటనే క్లిప్పులు వేయించాలి.

ఇక్కడ మాత్రం తొందర వద్దు. ఏడు నుంచి పదకొండేళ్ల మధ్య పై ముందు పళ్లు విసనకర్రలా విచ్చుకుని సందు కనిపించడం మామూలే. శాశ్వత కోరపళ్లు దిగాక చాలామందికి అదే మూసుకుంటుంది.

అపోహ: మన నీళ్ల వల్లే పళ్లు వంకరపోతాయి.

మునుగోడు, మర్రిగూడ వైపు వాళ్లు ఈ మాట బాధతో అంటారు. నీళ్లలోని ఫ్లోరైడ్ ఈ జిల్లాకు చేసిన కీడు చిన్నది కాదు. కానీ అది ఎనామెల్ (పంటి గట్టి పైపొర) తయారయ్యేటప్పుడు దాన్ని దెబ్బతీసి గార మచ్చలు, గుంటలు తెస్తుంది. పళ్ల వరుసను వంకర చేయదు. వంకరకు కారణాలు వేరు: వంశపారంపర్యం, పాల పన్ను ముందే పోవడం, నాలుగేళ్లు దాటినా బొటనవేలు చీకడం, ముక్కు మూసుకుపోయి నోటితో గాలి పీల్చడం. చివరిదానికి ఈఎన్‌టీ డాక్టర్‌ను కూడా కలవాలి. వేలు చీకే పిల్లల్ని కొట్టి మాన్పించాలని చూడకండి, టెన్షన్ పెరిగితే ఇంకా ఎక్కువ చీకుతారు. గార పళ్లకు క్లిప్పులు వేయొచ్చు. తీగను పట్టి ఉంచడానికి పన్నుకు అంటించిన బ్రాకెట్ ఊడే అవకాశం కాస్త ఎక్కువ కాబట్టి ఆ సంగతి డాక్టర్‌తో ముందే మాట్లాడుకోండి.

అపోహ: పై పన్ను పీకిస్తే కంటి చూపు పోతుంది.

పోదు. పంటి నరం వేరు, చూపు నరం వేరు.

అపోహ: పెళ్లీడు దాటాక క్లిప్పులు పనిచేయవు.

చిగుళ్లు, ఎముక ఆరోగ్యంగా ఉంటే నలభైలోనూ పళ్లు కదులుతాయి. కానీ క్లిప్పులు తీశాక, పళ్లను కొత్త చోటే పట్టి ఉంచే రిటైనర్ పెట్టుకోకపోతే పళ్లు మళ్లీ పాత దారి పడతాయి.

ఖర్చుకు భయపడి ఆగిపోయేవాళ్లు చాలామంది. నార్కట్‌పల్లిలో, మహబూబ్‌నగర్‌లో డెంటల్ కాలేజీలు ఉన్నాయి, హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉంది. ఓపీలో చూపించి, వంకర పళ్లు సరిచేసే ఆర్థోడాంటిక్స్ విభాగం ఎక్కడని అడగండి. సెలవుల కోసం ఆగకుండా, పాల పళ్లు ఊడటం మొదలైన ఏడాదే తీసుకెళ్లండి.