అపోహలు - వాస్తవాలు: చైనా జానపద కథల్లో మాయ రక్తంలో రాదండీ

నిన్న రాత్రి పదకొండింటికి మళ్ళీ అదే మెసేజ్. "అక్కా, నా హీరోయిన్ వాళ్ళ అమ్మమ్మ చైనీస్, ఆవిడ రక్తం వల్ల హీరోయిన్‌కి పద్దెనిమిదో ఏట శక్తులొస్తాయి, ఇరవై రెండు ఎపిసోడ్లు రాశాను, ఇప్పుడు కథ కదలట్లేదు, ఏం చెయ్యమంటారు?"

నేను చైనీస్ నుంచి తెలుగులోకి అనువాదాలు చేస్తాను, దాంతోపాటు చైనా జానపదం మీద ఫాంటసీ సీరియల్స్ రాసే మనవాళ్ళ డ్రాఫ్టులు చదివి ఎడిట్ చేసిపెడతాను. పదకొండేళ్ళ నుంచి ఇదే పని. నా దగ్గరికొచ్చి మధ్యలో ఆగిపోయిన కథలు చాలావరకు ఈ ఒక్క గోతిలోనే పడ్డాయి, అందుకే ఒక్కొక్కరికీ విడిగా చెప్పకుండా ఈసారి అంతా ఒకేచోట రాసేస్తున్నా. కల్టివేషన్ (సాధన చేసి శక్తి పెంచుకోవడం), సెక్ట్ (ఒక గురువు కింద సాధన చేసే శాఖ), నక్క ఆత్మ, పసుపు కాగితం తాయెత్తు, ఇవన్నీ మీకు తెలుసనుకునే రాస్తున్నా.

అపోహ: చైనా కథల్లో మాయాశక్తి వంశపారంపర్యం. రక్తంలో ఉంటుంది, టైమొస్తే మేలుకుంటుంది.

వాస్తవం: పాత కథల్లో దాదాపు ఎక్కడా అలా ఉండదు. శక్తి సాధనతో వస్తుంది, లేదా గురువు ఇస్తే వస్తుంది, లేదా పైనుంచి పదవిగా వస్తుంది. పుట్టుక వల్ల వచ్చేవి కూడా ఉన్నాయి, అవేంటో కింద చెప్తాను, కానీ అవి శక్తులు కావు.

నేజా అనే బాలదేవుడి కథ తీసుకోండి, అందరికీ తెలిసిందే కదా. పదహారో శతాబ్దపు ఫెంగ్‌షెన్ యెన్‌యి నవలలో ఉంది. తల్లి మూడేళ్ళ ఆరునెలలు మోసి కంటుంది, ఏడేళ్ళ వయసులో ఏట్లో స్నానం చేస్తూ చేతిలో ఎర్ర గుడ్డ జాడిస్తే సముద్రంలో డ్రాగన్ రాజు కోట ఊగిపోతుంది, అడగడానికొచ్చిన యక్షుణ్ణి, ఆ తర్వాత రాజుగారి మూడో కొడుకుని చంపేస్తాడు. డ్రాగన్ రాజులు వచ్చి తల్లిదండ్రుల్ని పట్టుకుంటారు. అప్పుడు ఆ పిల్లాడు ఏం చేస్తాడంటే, తన ఒళ్ళు తనే కోసుకుని ఎముకలు నాన్నవి నాన్నకి, మాంసం అమ్మది అమ్మకి తిరిగిచ్చేస్తాడు. మీరిచ్చింది మీకే ఇచ్చేశా, నా తప్పుకి మీకు శిక్ష పడకూడదు అని. తర్వాత గురువు తామరపువ్వులు, తూళ్ళు, ఆకులు పేర్చి అతనికి కొత్త ఒళ్ళు చేస్తాడు. తల్లిదండ్రుల రక్తం చుక్క కూడా లేని ఆ ఒంటితోనే నేజా అసలు నేజా అవుతాడు, మంటల ఈటె, నిప్పుచక్రాలు ఆ తర్వాతే చేతికొస్తాయి. నాకు తెలిసినంతలో రక్తం వల్ల శక్తి వస్తుందన్న మాటకి ఇంతకంటే గట్టి జవాబు ఏ కథలోనూ లేదు. అలాంటిది మనవాళ్ళు రాసేటప్పుడు నేజా వంశంలో పుట్టిన హీరో అని మొదలుపెడతారు, నాకు నిజంగా బాధేస్తుంది.

ఇంకో సంగతి, నేజా అనే పేరు మన నలకూబరుడిదే. పోతన భాగవతంలో మద్దిచెట్లయి నిలబడ్డ నలకూబర మణిగ్రీవులు గుర్తున్నారా, కుబేరుడి కొడుకులు. బౌద్ధ గ్రంథాలతో పాటు ఆ పేరు చైనా వెళ్ళింది, వెళ్ళి నలిగి నలిగి నేజా అయింది. యక్షుడు ఎక్కడ్నించి వచ్చాడో వేరే చెప్పక్కర్లేదు.

సరే, మరి పదవి సంగతి. ఆ నవల పేరుకి అర్థమే దేవుళ్ళకి పదవులివ్వడం. చివర్లో ఒక జాబితా చదివి యుద్ధంలో చచ్చిపోయినవాళ్ళని 365 మందిని దేవుళ్ళుగా నియమిస్తారు, మంచివాళ్ళనీ చెడ్డవాళ్ళనీ కూడా. చైనా జానపదంలో పైలోకం అంటే పెద్ద సర్కారు ఆఫీసు లాంటిది. వంటింటి దేవుడు పన్నెండో నెల ఇరవై మూడు, నాలుగు తారీఖుల్లో పైకెళ్ళి ఇంట్లోవాళ్ళ మీద రిపోర్టు ఇస్తాడు, అందుకే ఆయన బొమ్మ మూతికి తియ్యటి పాకం పూసి పంపిస్తారు. తాయెత్తు కాగితం చివర్లో ఉండే జీజీ రు ల్యూలింగ్ అనే మాట మంత్రం అనుకుంటారు చాలామంది. అది రెండు వేల ఏళ్ళ కిందటి హాన్ రాజ్యం నాటి ప్రభుత్వ ఉత్తర్వుల భాష, చట్టప్రకారం వెంటనే అమలు చెయ్యాలి అని. అంటే ఆ కాగితం ఒక ఆర్డరు కాపీ అన్నమాట. రాసినవాడికి పైలోకంలో హోదా ఉంటేనే దయ్యాలు దాన్ని లెక్కచేస్తాయి. ఎమ్మార్వో సంతకం చెల్లుతుంది, అదే సంతకం ఎమ్మార్వో గారి అబ్బాయి పెడితే చెల్లుతుందా? ఆయన సొంత కొడుకే, అదే రక్తమే, అయినా చెల్లదు.

ఇది పుస్తకాల్లో చదివి చెప్పే మాట కాదు. చైనీస్ నేర్చుకోడానికి రెండేళ్ళు తైవాన్‌లో తైనాన్ ఊళ్ళో ఉన్నాను. మా సందు చివర ఒక దావో (చైనా పాత మతం) పురోహితుడి ఇల్లు, ఆయన తండ్రీ తాతా అదే పని చేశారు. వాళ్ళది పెళ్ళిళ్ళు చేసుకుని ఇంట్లో పిల్లలకి నేర్పే శాఖ, చ్వాన్‌జెన్ శాఖలోలాగా సన్యాసులు కారు. సాయంత్రం నేను ట్యూషన్ నుంచి వచ్చేటప్పటికి కొడుకు ముందుగదిలో కింద కూర్చుని, తాత చేత్తో రాసిన పుస్తకం పక్కన పెట్టుకుని, కుంచెతో అక్షరం అక్షరం దించి రాసుకుంటూ ఉండేవాడు. అట్ట లేదు, దారంతో కుట్టిన పుస్తకం, కొసలు నూనెచేతులు పట్టి నల్లబడిపోయాయి. ఒకరోజు నేను ఫోటోకాపీ తీసుకోవచ్చు కదా అని అడిగాను. ఆ అబ్బాయి తల కూడా ఎత్తకుండా, కాపీ తీస్తే అది తాత పుస్తకమే అవుతుంది, నాది కాదు అన్నాడు. దీక్ష తీసుకునేదాకా వాళ్ళ నాన్న ఆ అబ్బాయి చేతికి పూజలో పట్టే పలక ఇవ్వలేదు. అదే తైనాన్‌లో 1960ల్లో క్రిస్టఫర్ షిప్పర్ అనే యూరప్ పండితుడు నేర్చుకుని దీక్ష తీసుకుని పురోహితుడయ్యాడు. కొడుక్కి ఇంకా దక్కని పలక నేర్చుకున్న పరాయివాడికి దక్కింది.

అయితే వంశం లెక్కలోకే రాదా అంటే వస్తుంది, బాగా వస్తుంది. మొదటిది పీఠం. జాంగ్ దావోలింగ్ అనే దావో గురువుకి క్రీ.శ. 142లో సిచువాన్ కొండల్లో దావో మతానికి ఆదిపురుషుడైన లావోజీ దర్శనమిచ్చాడని నమ్మకం, జాంగ్ పేరు మీద నడిచే తియెన్‌షీ (స్వర్గ గురువు) అనే పీఠం జియాంగ్‌షీలోని లుంగ్‌హు కొండ మీద జాంగ్ వంశంలోనే తరతరాలుగా వచ్చింది. అరవై మూడో పీఠాధిపతి 1949లో తైవాన్ వెళ్ళిపోయాడు, అరవై నాలుగో ఆయన 2008లో పోయాక నేనంటే నేనని తగువులు మొదలయ్యాయి. చూడండి, తగువు దేని గురించి? పదవి గురించి, ముద్ర గురించి. ఎవరి ఒంట్లో శక్తి పారుతోందని కాదు.

రెండోది అప్పు. దీన్ని దయచేసి గుర్తుపెట్టుకోండి, మీ కథల్ని బతికించేది ఇదే. తైపింగ్‌జింగ్ అనే పాత దావో గ్రంథంలో చెంగ్‌ఫు అనే మాట ఉంది, పూర్వీకులు చేసిన తప్పులు పేరుకుపోయి వెనకవాళ్ళ నెత్తిన పడటం. తాతల ఆస్తి కాదు, తాతల బాకీ. మనకీ ఏం కొత్త కాదు, పెద్దల పాపం పిల్లలకి కొట్టిందని అంటూనే ఉంటాం కదా.

మూడోది సంబంధం. ఈశాన్య చైనాలో కొన్ని ఇళ్ళల్లో నక్క, ముంగిసలాంటి వీజెల్, హెడ్జ్‌హాగ్ (ముళ్ళుండే చిన్న జంతువు), పాము, ఎలుక, ఈ ఐదు ఆత్మల కుటుంబాలకి పీట వేసి పెట్టుకుంటారు. ఒక తరంలో కొలిచినావిడ పోతే ఆత్మ ఆ ఇంట్లోనే ఇంకొకర్ని ఎంచుకుంటుంది, ఒప్పుకునేదాకా వాళ్ళకి ఒంట్లో బాగోదు. కులదేవత పూనడం చూసినవాళ్ళకి ఇది వెంటనే అర్థమైపోతుంది. ఇక్కడ కూడా శక్తి ఆత్మది, మనిషికి వచ్చింది ఆ ఆత్మని చూసుకునే బాధ్యత.

ఇప్పుడు కథ ఎందుకు ఆగిపోతుందో చూడండి. రక్తంలో శక్తి ఉంటే హీరోయిన్ ఏం చెయ్యక్కర్లేదు, పుట్టినరోజు దాకా ఆగితే చాలు. ఇరవయ్యో ఎపిసోడ్‌కల్లా శక్తి వచ్చేసింది, ఇంక రాయడానికేముంది, ఇంకా పెద్ద విలన్ని, వాడికి ఇంకా గొప్ప రక్తాన్ని తేవాలి. రెండేళ్ళ కిందట ఒకావిడ ఎనభై ఎపిసోడ్లు రాసి తీసుకొచ్చారు, బ్యాంకు ఉద్యోగం చేస్తూ తెల్లవారుజామున లేచి రాసుకున్నవి. ఫోన్‌లో చెప్తూ చెప్తూ ఏడ్చేశారు, ఇదంతా వృథాయేనా అని. కాదమ్మా, మీ అమ్మమ్మ క్యారెక్టర్ బంగారం, ఆవిడ్ని రక్తం సీసాలాగా వాడుకోకండి అన్నాను. అమ్మమ్మని కలకత్తా టాంగ్రాలో తోళ్ళ పని చేసే హక్కా చైనీయుల ఇంటి పిల్లగా మార్చుకున్నాం. 1962 యుద్ధమప్పుడు మన ప్రభుత్వం చైనా మూలాలున్నవాళ్ళని దాదాపు మూడు వేల మందిని రాజస్థాన్‌లో దేవ్లీ క్యాంపులో పెట్టింది, ఆ అమ్మమ్మ కూడా చిన్నపిల్లగా అక్కడికి వెళ్ళింది, వెళ్ళేముందు ఇంటి పీట మీది ఆత్మకి తిరిగొస్తానని మాటిచ్చింది, రాలేదు. అంతే, కథ పరిగెత్తింది. మనవరాలికి వచ్చింది ఒక చెల్లించని మాట, చదవడం రాని లిపిలో ఒక నోటుపుస్తకం. టాంగ్రాలో చైనీస్ కాళీ గుడి ఉంది, అమ్మవారికి నూడుల్స్ ప్రసాదం పెడతారు, ఆ గుడి సీను ఆవిడ రాసింది చదివి నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

విదేశాల్లో పుట్టిన చైనా సంతతి రచయితలు రక్తం మాట ఎందుకు రాస్తారో కూడా అర్థం చేసుకోవాలి. భాష పోయింది, లిపి పోయింది, ఏం మిగిలింది, ఒళ్ళు మిగిలింది. డాలస్‌లో పుట్టిన మన పిల్లలు రేపు తెలుగు గురించి రాసినా అలాగే మొదలుపెడతారు. అది వాళ్ళ నొప్పి, దాన్ని నేను తప్పుపట్టను. వెబ్ నవలల్లో కూడా బ్లడ్‌లైన్, స్పిరిట్ రూట్ (సాధనకి పుట్టుకతో ఉండే యోగ్యత) అని కనిపిస్తాయి, అవి ఈ కాలం రచయితలు కల్పించుకున్న రూల్స్, అక్కడ కూడా సాధన చెయ్యనివాడు మొదటి మెట్టు దాటడు.

అపోహ: నక్క అంటే మగాళ్ళని నాశనం చేసే ఆడది.

ఫెంగ్‌షెన్‌లో రాజుని పాడుచేసిన నక్క రాణి డాజీ అలాంటిదే, ఒప్పుకుంటాను. కానీ పాత పుస్తకాల్లో నక్క ఆడదిగా మారాలంటే యాభై ఏళ్ళు, పైలోకంతో మాట్లాడాలంటే వెయ్యేళ్ళు పడుతుంది, అంటే నక్కకి కూడా సర్వీసు ఉండాలి. పూ సోంగ్‌లింగ్ (1640-1715) రాసిన దాదాపు ఐదువందల కథల్లో నక్కలు రోగులకి సేవ చేస్తాయి, ఇల్లు నిలబెడతాయి. అందులో యింగ్‌నింగ్ అనే అమ్మాయి ఉంది, తండ్రి మనిషి, తల్లి నక్క, పెంచింది దయ్యం. ఎప్పుడూ పకపకా నవ్వుతుంది, పెళ్ళిలో కూడా ఆపుకోలేక నవ్వుతుంది, తర్వాత ఒక ఘోరం జరిగి నవ్వడం పూర్తిగా మానేస్తుంది. ఆమెకి కొడుకు పుడతాడు, చంకలో ఉండగానే కొత్తవాళ్ళని చూసి భయపడకుండా నవ్వుతాడు, అచ్చం అమ్మ తీరే అని రాస్తాడు ఆయన. నక్క వంశం నుంచి ఆ బిడ్డకి దిగింది నవ్వు. ఈ ఒక్క ముక్క అనువాదం చెయ్యడానికి నాకు వారం పట్టింది.

అపోహ: దక్షిణ చైనాలోని మియావ్ తెగ ఆడవాళ్ళకి విషపు మాయ పుట్టుకతో వస్తుంది, తల్లి నుంచి కూతురికి.

దీనిమీద నాకు ఓపిక లేదు. ఆ విషపు మాయనే గూ అంటారు, పురుగుల్ని ఒకే జాడీలో వేసి ఒకదాన్నొకటి తినగా మిగిలినదాని విషం అని పాత నమ్మకం. దాన్ని దక్షిణాది తెగల ఆడవాళ్ళకి అంటగట్టారు, ఆ పుకారు వల్ల నిజంగా పెళ్ళిళ్ళు కాని ఆడపిల్లలున్నారు. మెదక్ వైపు బాణామతి పేరు చెప్పి మనుషుల్ని ఎలా హింసించారో తెలిసిన మనం ఆ మాట కథలో నిజమన్నట్టు రాయకూడదు. రాస్తే నేను ఎడిట్ చెయ్యను.

మిగతావి గబగబా. చైనా డ్రాగన్ నిప్పులు కక్కదు, వానలు కురిపిస్తుంది, నదుల్లో ఉంటుంది, మన నాగరాజు కథలు కూడా దాన్లో కలిశాయి, మన నాగార్జునుడి పేరుని చైనీస్‌లో డ్రాగన్ చెట్టు అనే రాస్తారు. 1949 తర్వాత జంతువులు మనుషులుగా మారకూడదని చైనాలో చట్టం ఉందన్నది అక్కడి ఇంటర్నెట్ జోకు, సెన్సార్ ఉంది గానీ అలాంటి చట్టం లేదు. చైనీస్ కాని మీరు రాయొచ్చా అంటే రాయొచ్చు, చదివి రాయండి, భయపడకండి, తప్పు రాస్తే దిద్దుకోవచ్చు.

పొద్దున్నే లేచి నిన్నటి అమ్మాయి పంపిన ఇరవై రెండు ఎపిసోడ్లూ చదివాను. నాలుగో ఎపిసోడ్‌లో అమ్మమ్మ మంచం కింద ఒక రేకుపెట్టె ఉంది, హీరోయిన్ ఇల్లు ఊడుస్తూ దాన్ని పక్కకి జరుపుతుంది, మళ్ళీ దాని ఊసే లేదు. నీ పద్దెనిమిదో పుట్టినరోజు సీను తీసెయ్యమ్మా, ఆ పెట్టెలో ఏముందో రాసి పంపు అని మెసేజ్ పెట్టాను.