ఈ నవల ఏ అలమరలో పెట్టాలి?

2023 జూలైలో హంగరీ ప్రభుత్వం ఒక పుస్తకాల దుకాణాల సంస్థకు 1.2 కోట్ల ఫోరింట్ల జరిమానా వేసింది. పుస్తకాన్ని నిషేధించలేదు, అసలు అమ్మవద్దని కూడా అనలేదు. ‘హార్ట్‌స్టాపర్’ అనే బొమ్మల నవలను కుర్రవాళ్ల పుస్తకాల వరసలో, సీలు వేసిన కవరు లేకుండా ఉంచడమే నేరమైంది. కథలో ఒకే బడిలో చదివే ఇద్దరు అబ్బాయిలు స్నేహితులవుతారు, ఆ స్నేహం మెల్లగా తొలిప్రేమవుతుంది. 2021లో ఆ దేశం తెచ్చిన చట్టం ప్రకారం స్వలింగ ప్రేమను చూపే పుస్తకాలు పిల్లల విభాగంలో ఉండకూడదు. తర్వాత కోర్టు జరిమానాను కొట్టేసింది కానీ చట్టాన్ని కదపలేదు.

తొలిప్రేమ, స్నేహం, సాహసం అల్లుకున్న టీనేజ్ నవలల మీద ఇలాంటి గొడవలు చాలా దేశాల్లో చూస్తున్నాం. పైకి అవి పుస్తకంలోని విషయం మీద జరుగుతున్నట్టు కనిపిస్తాయి. కాస్త వెనక్కి వెళ్లి చూస్తే, తగవు ఎక్కువసార్లు అలమర మీదే. టీనేజ్ పుస్తకాల అలమరను కట్టింది రచయితలు కాదు, చదివేవాళ్లు అసలే కాదు. లైబ్రేరియన్లు, ప్రచురణకర్తలు, అమ్మకందారులు తలా ఒక పలక తెచ్చి బిగించారు. తల్లిదండ్రులు, పాలకులు తాళంచెవి మాదంటారు. ఎవరి కోసం కట్టారో వాళ్లను అడిగిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

అలమర లేని రోజుల్లోనూ కుర్రవాళ్లు నవలలు చదివారు. 1774లో జర్మన్ రచయిత గేథే రాసిన వెర్తర్ కథ యూరప్ యువతను ఊపేస్తే, మరుసటి ఏడాది లైప్‌జిగ్ నగర పాలకులు ఆ పుస్తకంతో పాటు వెర్తర్ తరహా దుస్తులనూ నిషేధించారు. అది పెద్దల కోసం రాసిన నవల. పద్నాలుగేళ్ల నుంచి ఇరవై ఒక్కేళ్ల వరకు ఉన్నవారిని వేరే పాఠకులుగా గుర్తించాలని 1802లో చెప్పినావిడ ఇంగ్లండ్‌కు చెందిన సారా ట్రిమ్మర్. పిల్లల పుస్తకాలను సమీక్షించే పత్రిక నడుపుతూ, ఏవి చేటు చేస్తాయో తల్లిదండ్రులను హెచ్చరించడం ఆమె పని. అంటే ఈ వయసుకు ప్రత్యేకమైన పుస్తకాలు ఉండాలన్న ఆలోచన, ఈ వయసువారి పుస్తకాలకు కాపలా ఉండాలన్న ఆలోచన ఒకే చేతి నుంచి వచ్చాయి. ఈ చరిత్రలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది ఇదే.

పంతొమ్మిదో శతాబ్దంలో ప్రచురణకర్తలు గీసిన గీత వయసుది కాదు. అబ్బాయిలకు సాహసం, అమ్మాయిలకు ఇల్లూ ప్రేమా అని పంచేశారు. అమ్మాయిల కోసం ఒక నవల కావాలని ప్రచురణకర్త అడిగితే లూయిసా మే ఆల్కాట్ ఇష్టం లేకుండానే రాయడం మొదలుపెట్టారు. 1868లో ‘లిటిల్ విమెన్’ మొదటి భాగం వచ్చీ రాగానే ఉత్తరాలు వచ్చిపడ్డాయి. నలుగురు అక్కచెల్లెళ్లలో ఎవరికి ఎవరితో పెళ్లవుతుంది, ముఖ్యంగా జో అనే అమ్మాయికి పక్కింటి లారీతో అవుతుందా లేదా అన్నదే పాఠకుల బెంగ. ఆడదాని బతుకుకు పెళ్లి ఒక్కటే గమ్యమా అని ఆల్కాట్ తన డైరీలో విసుక్కున్నారు. ఎవరి సంతోషం కోసమూ ఆ పెళ్లి చేయనని రాసుకున్నారు. మరుసటి ఏడాది రెండో భాగంలో జోను వయసులో పెద్దవాడైన ఒక జర్మన్ ప్రొఫెసర్‌కు ఇచ్చి చేశారు. ఏ జంట కలవాలో పోట్లాడుకునే నేటి పాఠకులకు ముత్తవ్వలు ఆ ఉత్తరాలు రాసిన అమ్మాయిలే.

అటువైపు అబ్బాయిల కోసం 1881లో ‘యంగ్ ఫోక్స్’ పత్రికలో ‘ట్రెజర్ ఐలాండ్’ ధారావాహికగా మొదలైంది. దానికి మూలం ఒక పిల్లవాడితో కాలక్షేపానికి గీసిన దీవి పటం. రచయిత స్టీవెన్సన్ సవతి కొడుకైన ఆ లాయిడ్‌కు అప్పటికి పన్నెండు, పదమూడేళ్లు. కథలో ఆడవాళ్లు ఉండకూడదని ముందే అనుకున్నామని స్టీవెన్సన్ తర్వాత రాశారు. ఒక అలమరలో పెళ్లి తప్ప దారి లేదు, ఇంకో అలమరలో అమ్మాయే లేదు!

పెద్దలు మొదట భయపడింది ప్రేమకు కాదు, సాహసానికి అంటే ఇప్పుడు వింతగా ఉంటుంది. అమెరికాలో నీతికి కాపలాదారుగా పేరుపడ్డ ఆంథొనీ కామ్‌స్టాక్ 1883లో ఒక పుస్తకమే రాసి, చవక సాహస కథలు కుర్రవాళ్లను దొంగలుగా మారుస్తాయని మొత్తుకున్నాడు. 1885లో మసాచుసెట్స్‌లోని కాంకర్డ్ గ్రంథాలయం ‘హకల్‌బెరీ ఫిన్’ను మొరటు పుస్తకమని పక్కన పెట్టేసింది. ఈ దెబ్బతో ఇంకో 25,000 ప్రతులు అమ్ముడుపోతాయని మార్క్ ట్వేన్ మురిసిపోయాడు. 1914లో బాయ్ స్కౌట్ సంస్థ గ్రంథాలయాధికారి ఫ్రాంక్లిన్ మాథ్యూస్ వంతు వచ్చింది. ఎడ్వర్డ్ స్ట్రాటెమయర్ మూసలో పోసినట్టు తయారుచేయిస్తున్న సాహస నవలలు అబ్బాయిల బుర్రలను పేల్చేస్తాయని ఆయన వ్యాసం రాశారు. ఆ మూసలోంచే తర్వాత 1927లో హార్డీ బాయ్స్, 1930లో నాన్సీ డ్రూ వచ్చాయి. ఇవాళ అదే పుస్తకాలను తాతలు మనవలకు ముచ్చటగా కొనిస్తున్నారు.

ప్రత్యేక అలమర లేనిచోట మాత్రం తొలిప్రేమ, స్నేహం, సాహసం మూడూ ఒకే నవలలో హాయిగా ఇమిడాయి. 1913లో ఫ్రెంచి రచయిత అలాన్ ఫూర్నియే రాసిన ఏకైక నవల ‘లె గ్రాన్ మోన్’లో బడి స్నేహం, దారి తప్పి చేరిన వింత భవంతి, అక్కడ కనిపించిన అమ్మాయి కోసం వెతుకులాట కలిసే నడుస్తాయి. మరుసటి ఏడాదే రచయిత యుద్ధంలో చనిపోయాడు. జపాన్‌లో 1916 నుంచి యోషియా నొబుకొ అమ్మాయిల పత్రికలో ఒక్కో కథకు ఒక్కో పువ్వు పేరు పెట్టి, బడి అమ్మాయిల మధ్య ప్రేమకు దగ్గరగా వచ్చే స్నేహాల గురించి రాశారు. సోవియట్ దేశంలో కవేరిన్ ‘ఇద్దరు కెప్టెన్లు’ ఒక మునిగిపోయిన పోస్ట్‌మన్ సంచిలోని ఉత్తరాలతో మొదలై, తప్పిపోయిన ధ్రువయాత్ర జాడ మీదుగా కాత్య మీద సాన్య ప్రేమ దాకా వెళ్తుంది.

వీటన్నిటిలో సోవియట్ రచయిత ఫ్రాయెర్మన్ 1939 నవల దగ్గర కాసేపు ఆగాలి. దాని పేరులోనే ‘తొలిప్రేమ కథ’ అని ఉంటుంది. దూరప్రాచ్యపు చిన్న పట్టణంలో తాన్య అనే అమ్మాయి, ఆమె తండ్రి రెండో సంసారంతో పాటు వచ్చిన కోల్య, ఆమెను మూగగా ప్రేమించే నానై తెగ కుర్రవాడు ఫిల్కా. చివర తాన్య ఊరు విడిచి వెళ్లబోతుంది. ఫిల్కా కాగితంతో అక్షరాలు కత్తిరించి గుండె మీద పెట్టుకుని ఎండలో పడుకుంటాడు. చుట్టూ చర్మం నల్లబడుతుంది, ఆమె పేరు మాత్రం తెల్లగా మిగులుతుంది. ఎండాకాలం పోతే ఆ పేరు కూడా చెరిగిపోతుందని తాన్య అంటుంది. ఆ ఇద్దరి మధ్యా ముద్దు లేదు, వాగ్దానం లేదు. పదిహేనేళ్ల వయసులోని ప్రేమ గురించి ఇంతకన్నా నిజంగా రాసినవి తక్కువే.

ఇక అలమర కట్టిన కథ. 1904లో మనస్తత్వవేత్త స్టాన్లీ హాల్ రెండు సంపుటాల్లో కౌమారం మీద పుస్తకం తెచ్చాక, బాల్యానికీ యవ్వనానికీ మధ్య ఒక ప్రత్యేక దశ ఉందన్న మాట విద్యావేత్తల్లో స్థిరపడింది. అమెరికాలో ఎక్కువమంది పిల్లలు హైస్కూలు దాకా చదవడం మొదలైంది. వాళ్లు పిల్లల గదిలో ఇమడరు, పెద్దల గదిలో కాపలా కళ్ల మధ్య నిలవలేరు. న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో మేబెల్ విలియమ్స్ వీళ్ల కోసం పని మొదలుపెట్టారు. 1929లో అక్కడి నుంచి కుర్రవాళ్లకు పనికొచ్చే పుస్తకాల జాబితా వచ్చింది, అందులో చాలావరకు పెద్దల పుస్తకాలే. బాల్టిమోర్‌లో మార్గరెట్ ఎడ్వర్డ్స్ ఇంకా ముందుకు వెళ్లారు. రెండో ప్రపంచయుద్ధకాలంలో గుర్రబ్బండిలో పుస్తకాలు వేసుకుని పేదల వీధుల్లో తిరిగారు. పిల్లలు ఏం చదవాలో చెప్పడం కన్నా వాళ్లకు ఏది నచ్చుతుందో కనిపెట్టడం లైబ్రేరియన్ పని అని ఆవిడ నమ్మారు. కాపలా బుద్ధికి ఇది సరిగ్గా ఎదురు బుద్ధి. ఈ రెండూ ఒకే అలమరకు అటూ ఇటూ నిలబడి ఇప్పటికీ గుంజుకుంటున్నాయి.

1942లో మౌరీన్ డేలీ అనే కాలేజీ అమ్మాయి నవల ‘సెవెంటీంత్ సమ్మర్’ వచ్చింది. హైస్కూలుకూ కాలేజీకీ మధ్య ఒక్క వేసవి, ఆంజీ, జాక్, చివర విడిపోవడం. ప్రచురణకర్తలు దాన్ని పెద్దల నవలగానే వేశారు. అమ్మాయిలు దాన్ని తమదిగా చేసుకున్నారు. ఆ తర్వాత పదిహేను, ఇరవై ఏళ్లు దాని నకళ్లు కుప్పలుగా వచ్చాయి. స్కూలు డాన్సుకు ఎవరు ఎవరితో వెళ్తారన్నదే వాటిలో పెద్ద సమస్య.

ఆ నకళ్లతో విసిగిపోయి ఓక్లహోమాలోని టల్సాలో ఒక అమ్మాయి పదిహేనేళ్లకే ‘ది అవుట్‌సైడర్స్’ మొదలుపెట్టింది. 1967లో అది అచ్చయ్యేసరికి ఎస్.ఇ. హింటన్‌కు పద్దెనిమిదేళ్లు. అబ్బాయిల ముఠాల కథ అమ్మాయి రాసిందంటే సమీక్షకులు చులకన చేస్తారని ప్రచురణకర్తలు పేరును పొడి అక్షరాల్లో దాచారు. మొదట పుస్తకం అంతంతమాత్రంగానే అమ్ముడైంది. బడుల్లో టీచర్లు దాన్ని పాఠంగా వాడుతున్నారని గమనించాకే, ఇలాంటి పుస్తకాలకు ఒక బజారు ఉందని ప్రచురణకర్తలకు తట్టింది. అచ్చంగా ఈ వయసువారి కోసమే రాయించిన నవలలు అక్కడి నుంచి వరస కట్టాయి.

తొలిప్రేమ మీద అసలు రభస 1975లో మొదలైంది. అమ్మాయీ అబ్బాయీ ప్రేమలో హద్దు దాటితే అంతకుముందు నవలల్లో గర్భమో, చావో, కనీసం పరువు పోవడమో రాసిపెట్టి ఉండేది. ఇద్దరు మంచి పిల్లలు దగ్గరయ్యాక ఎవరూ చావని కథ రాయమని జూడీ బ్లూమ్‌ను కూతురు అడిగింది. ‘ఫరెవర్’లో కేథరిన్ గర్భనిరోధానికి క్లినిక్‌కు వెళ్తుంది, డాక్టరును ప్రశ్నలు అడుగుతుంది. కొన్నాళ్లకు వేసవి శిబిరంలో ఇంకొకరి వైపు మనసు మళ్లి, మైకేల్‌తో ప్రేమ ముగుస్తుంది. ఎవరికీ శిక్ష పడదు. అభ్యంతరాలు పెట్టినవాళ్లను ఎక్కువగా కలవరపెట్టింది పడకగది ఘట్టాల కన్నా ఆ శిక్ష లేకపోవడమే అని నా అనుమానం. అమెరికా గ్రంథాలయాల్లో ఎక్కువ ఫిర్యాదులు వచ్చిన పుస్తకాల్లో అది దశాబ్దాల పాటు నిలిచింది.

తగవు కోర్టుకు ఎక్కింది కూడా ఆ కాలంలోనే. 1976లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఐలాండ్ ట్రీస్ పాఠశాలల బోర్డు కొన్ని పుస్తకాలను అలమరల నుంచి తీయిస్తే, స్టీవెన్ పికో అనే హైస్కూలు విద్యార్థి మరికొందరితో కలిసి దావా వేశాడు. పాఠకుడే నోరు విప్పిన అరుదైన ఘట్టం ఇది. 1982లో సుప్రీంకోర్టు 5–4తో విద్యార్థుల పక్షాన నిలిచింది. ఆలోచనలు నచ్చలేదన్న ఒక్క కారణంతో బడి లైబ్రరీలోని పుస్తకాన్ని తీసేయరాదన్న మాట ఆ తీర్పులో ఉంది. అయితే ఆ ఐదుగురు న్యాయమూర్తులూ ఒకే కారణం మీద ఏకీభవించలేదు. తర్వాతి గొడవలన్నీ ఆ సందులోంచే దూరాయి. ఇద్దరు అమ్మాయిల ప్రేమకథ ‘ఆనీ ఆన్ మై మైండ్’ 1982లోనే వచ్చింది. 1993లో కాన్సస్ సిటీలో దాని ప్రతిని తగలబెట్టారు, పక్కనున్న ఒలేతా బడులు అలమరల నుంచి తీసేశాయి. విద్యార్థులు, తల్లిదండ్రులు మళ్లీ దావా వేసి 1995లో గెలిచారు.

ఈలోగా అంగడి తన పని తాను చేసుకుపోయింది. 1983లో మొదలైన ‘స్వీట్ వ్యాలీ హై’ నవలల ఊహ ఫ్రాన్సిన్ పాస్కల్‌ది, రాత చాలామంది అజ్ఞాత రచయితలది. పిల్లలు వాటిని లైబ్రేరియన్‌ను అడగకుండా సొంత డబ్బుతో కొనుక్కున్నారు. 2005లో ‘ట్వైలైట్’, 2008లో ‘హంగర్ గేమ్స్’ వచ్చాక లెక్కలే మారాయి. 2012లో పుస్తకాల లెక్కలు తీసే బౌకర్ సంస్థ అధ్యయనంలో టీనేజ్ నవలలు కొంటున్నవారిలో 55 శాతం పద్దెనిమిదేళ్లు దాటినవారని తేలింది. పిల్లల కోసమని కట్టిన అలమర ముందు పెద్దలు బారులు తీరారన్నమాట. ప్రచురణకర్తలు రాయించేది కూడా అటే మొగ్గింది. పదమూడేళ్లవాళ్ల కోసం రాసే నవలలు తగ్గాయన్న ఫిర్యాదు లైబ్రేరియన్ల నుంచి ఇప్పుడు తరచుగా వినిపిస్తుంది.

వయసును అట్ట మీదే అచ్చు వేద్దామని 2008లో బ్రిటిష్ ప్రచురణకర్తలు పూనుకుంటే, ఫిలిప్ పుల్మన్‌తో సహా చాలామంది రచయితలు ఎదురు తిరిగారు. ‘నీ వయసుకు మించింది’ అన్నా, ‘నీకన్నా చిన్నవాళ్లది’ అన్నా పిల్లవాడు ఆ పుస్తకాన్ని ముట్టుకోడని వాళ్ల వాదన. 2009లో ఒక అమెరికన్ సంస్థ పద్దెనిమిదేళ్లు దాటినవారి కోసమంటూ ‘న్యూ అడల్ట్’ పేరుతో ఇంకో అర తెరిచింది. ఇంకా మాట్లాడితే జపాన్‌లో ఫోనుల్లో రాసుకుని ఫోనుల్లో చదువుకున్న తొలిప్రేమ కథ ‘కోయిజోరా’ 2006లో అచ్చులోకి వచ్చి పది లక్షల ప్రతులు దాటింది. దానికి లైబ్రేరియనూ లేడు, అలమరా లేదు.

అమెరికాలో మాత్రం గుంజులాట పెరిగింది. రచయితల స్వేచ్ఛ కోసం పనిచేసే పెన్ అమెరికా సంస్థ లెక్క ప్రకారం 2023–24 విద్యా సంవత్సరంలో ప్రభుత్వ బడుల్లో పుస్తకాలను తీసేసిన లేదా అందకుండా చేసిన ఉదంతాలు 10,000 దాటాయి. లైంగిక చర్య వర్ణన ఉన్న పుస్తకం ఏదీ బడి లైబ్రరీలో ఉండరాదని అయోవా రాష్ట్రం 2023లో చట్టం చేసింది. 2025 మేలో టెక్సస్‌లోని లానో కౌంటీ గ్రంథాలయం నుంచి తీసేసిన 17 పుస్తకాల కేసులో ఐదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు పాఠకులకు వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. గ్రంథాలయంలో ఫలానా పుస్తకం ఉంచాలని అడిగే రాజ్యాంగ హక్కు పాఠకుడికి లేదంది. ఆ తీర్పు టెక్సస్, లూసియానా, మిసిసిపీ రాష్ట్రాలకే వర్తిస్తుంది. మిగతాచోట్ల న్యాయవాదులు ఇప్పటికీ 1982 నాటి పికో కేసునే పట్టుకుని వాదిస్తున్నారు.