రాయి ఊదా రంగు తిరగాలంటే: కోరలైన్ నాచు మీద అపోహలు, వాస్తవాలు

విజయవాడ, గుంటూరు ఇళ్లల్లో ఉప్పునీటి అక్వేరియాలు పెట్టడం, పెట్టినవాటిని చూసుకోవడం నా పని. ట్యాంకు పెట్టిన కొన్నాళ్లకే ప్రతి ఇంట్లో ఒకే మాట వినిపిస్తుంది: "వీడియోల్లో రాళ్లన్నీ వంగపండు రంగులో మెరిసిపోతున్నాయండీ, మనది ఇంకా తెల్లగానే ఉందేంటి?" ఆ రంగు కోరలైన్ నాచుది. ఇది ఎర్ర నాచుల్లో ఒక వర్గం. నీళ్లలోంచి కాల్షియం, కార్బొనేట్, కొంత మెగ్నీషియం తీసుకుని తన కణాల గోడల్లో సున్నపురాయి కట్టుకుంటుంది. సముద్రంలో పగడపు దిబ్బల మీద విరిగిన ముక్కల్ని కలిపి అతికించేది ఇదే. చాలా రకాల పగడాల పిల్లలు స్థిరపడటానికి వెతుక్కునేది కూడా దీన్నే. అందుకే దీనికోసం ఓపిక పట్టమని అందరికీ చెబుతాను. నెలలు పడుతుంది, పట్టనివ్వండి.

అపోహ: ఫలానా సీసా పోస్తే నెల తిరక్కుండా రాయంతా రంగు వస్తుంది.

అలాంటి సీసాల్లో కొన్నిట్లో ఉండేది సన్నటి అరగొనైట్ పొడి, అంటే ఒక రకం కాల్షియం కార్బొనేట్. ట్యాంకు నీళ్ల పీహెచ్ మామూలుగా 8.0 నుంచి 8.3 మధ్య ఉంటుంది. ఆ పీహెచ్‌లో ఉప్పునీళ్లలో అది కరగదు. కొన్ని గంటలు నీళ్లు తెల్లగా కలకబారి, పొడి అడుక్కి చేరుతుంది.

నాచుకు కావలసింది మూడు అంకెలు నిలకడగా ఉండటం. కాల్షియం 400 నుంచి 450 పీపీఎం (పది లక్షల్లో ఇన్ని పాళ్లు), ఆల్కలినిటీ (నీళ్లలో కరిగిన కార్బొనేట్, బైకార్బొనేట్ల మోతాదు) 8 నుంచి 9 డీకేహెచ్ (దాన్ని కొలిచే ప్రమాణం), మెగ్నీషియం 1250 నుంచి 1350 పీపీఎం. మెగ్నీషియం బాగా పడిపోతే కాల్షియం, ఆల్కలినిటీ రెండింటినీ నిలబెట్టడం కష్టం. మీరు పోసిందంతా హీటరు మీద, పంపు లోపల గట్టిపడి కూర్చుంటుంది. చాలామంది కాల్షియం ఒక్కటే చూస్తారు. నిజానికి ముందు పడిపోయేది ఆల్కలినిటీ. సున్నపురాయి కట్టేటప్పుడు 1 డీకేహెచ్ ఖర్చయితే కాల్షియం తగ్గేది దాదాపు 7 పీపీఎం మాత్రమే. 420లో 7 తగ్గితే టెస్ట్ కిట్‌కు కూడా సరిగ్గా దొరకదు, 8లో 1 తగ్గడం మాత్రం పెద్ద తేడా. అందుకని ఆల్కలినిటీ వారానికి ఒకసారి చూడండి, కాల్షియం రెండు వారాలకు ఒకసారి చూసినా చాలు.

ఆల్కలినిటీ పెంచడానికి ఇంట్లో ఉండే వంట సోడా సరిపోతుంది. బేకింగ్ పౌడర్ వద్దు, అది వేరు. 100 లీటర్ల నీళ్లకు 3 గ్రాములు వేస్తే సుమారు 1 డీకేహెచ్ పెరుగుతుంది. ఆర్‌ఓ నీళ్లలో కరిగించి, పంపు ధార దగ్గర మెల్లగా పోయండి. ఒక రోజులో 1 డీకేహెచ్ కంటే ఎక్కువ పెంచకండి.

అపోహ: సున్నం వేస్తే ట్యాంకు పాడైపోతుంది.

దీనికి ఎదురు మాట కూడా వింటుంటాను, తాంబూలం సున్నం కాస్త వేస్తే చాలని. రెండూ సగం సగం నిజాలే. సున్నపు తేట నిజంగా పనిచేస్తుంది. ప్రపంచమంతా రీఫ్ ట్యాంకులు, అంటే పగడాల ట్యాంకులు పెంచేవాళ్లు దశాబ్దాలుగా వాడుతున్నారు, వాళ్లు దాన్ని కాల్క్‌వాసర్ అంటారు. కాల్షియం, ఆల్కలినిటీ రెండింటినీ నాచు ఖర్చుపెట్టే పాళ్లలోనే ఇవ్వడం దీని గొప్పతనం. కానీ గోడలకు కొట్టే సున్నంలో ఏం కలిసి ఉంటుందో తెలియదు, తాంబూలం సున్నంలో రంగులు, వాసనలు కలిపి ఉండవచ్చు. ఫుడ్ గ్రేడ్ కాల్షియం హైడ్రాక్సైడ్ కొనండి.

లీటరు ఆర్‌ఓ నీళ్లలో ఒకటిన్నర గ్రాముకు కాస్త అటూఇటూగా మాత్రమే కరుగుతుంది. మిగతాది అడుగున పేరుకుంటుంది, దాన్ని కదపకుండా పైన తేట మాత్రమే తీసుకోవాలి. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ తగిలితే పైన పలచటి పొర కడుతుంది కాబట్టి డబ్బాకు మూత ఉండాలి. తేట పీహెచ్ 12 దాటి ఉంటుంది. అందుకే ఒక్కసారిగా పోయకూడదు. ఆవిరైన నీళ్లకు బదులుగా, రాత్రిపూట, చుక్క చుక్కగా పడేలా పెట్టాలి. చేతికి గ్లవ్స్, కంటికి అద్దాలు, ఇంట్లో చిన్నపిల్లలుంటే అందనంత ఎత్తులో డబ్బా. ఈ జాగ్రత్త విషయంలో మొహమాటం లేకుండా గట్టిగానే చెబుతాను.

అపోహ: నీళ్లు బాగుంటే నాచు దానంతట అదే వస్తుంది.

తోడు వేయకుండా పాలు పెరుగవుతాయా? కొత్త డ్రై రాక్ (జీవం లేని ఎండు రాయి), కొత్త ఉప్పు, కొత్త ఇసుకతో పెట్టిన ట్యాంకులోకి కోరలైన్ రావడానికి దారే లేదు. ఎక్కడో ఒకచోటి నుంచి విత్తనం రావాలి. ఊళ్లో ఎవరిదైనా పాత ట్యాంకు ఉంటే నాచు పట్టిన చిన్న రాయి అడగండి, లేదా గుల్ల మీద ఊదా మచ్చలున్న నత్త అడగండి. వాళ్ల అద్దం మీది నాచు గీకి ఇచ్చినా సరే, దాన్ని తడి ఆరనివ్వకుండా ట్యాంకు నీళ్లలోనే తెచ్చి, పంపు ముందు వదలండి. తీసుకునేముందు ఆ ట్యాంకులో ఐప్టేసియా (ట్యాంకంతా పాకిపోయే, కుట్టే చిన్న సముద్రజీవి) లాంటి తెగులు ఉందేమో చూసుకోండి. నాచుతో పాటు అదీ వచ్చేస్తుంది.

లైవ్ రాక్ (జీవాలు పట్టి ఉన్న సముద్రపు రాయి) పేరుతో పగడపు ముక్కలు అమ్ముతామనేవాళ్ల జోలికి వెళ్లకండి. రాతి పగడాలన్నీ 2001 నుంచి మన వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో ఉన్నాయి. చట్టం సంగతి పక్కన పెట్టినా, మన అద్దాల పెట్టె కోసం దిబ్బను విరగ్గొట్టడం నాకు ససేమిరా ఒప్పుకోబుద్ధి కాదు.

అపోహ: లైటు ఎంత ఎక్కువుంటే అంత త్వరగా పడుతుంది.

బహామాస్ దగ్గర సముద్రంలో 268 మీటర్ల లోతున బతికున్న కోరలైన్ నాచు కనిపించింది. పైనుంచి వచ్చే వెలుగులో అక్కడికి చేరేది నామమాత్రం. ఇందులో ఉండే ఫైకోఎరిత్రిన్ అనే ఎర్రటి వర్ణకం నీలి, ఆకుపచ్చ కాంతిని పట్టుకుంటుంది, అందుకే నీడలోనూ బతుకుతుంది. మీ ట్యాంకులోనూ ముందు కనిపించేది వెనక అద్దం మీద, రాయి పక్కవాటున, పంపు కింద. కొత్త ఎల్‌ఈడీ తెచ్చి మొదటి రోజే ఫుల్‌గా పెడితే ఉన్న నాచు కూడా తెల్లబారుతుంది. రెండు మూడు వారాల మీద కొద్దికొద్దిగా పెంచండి.

అపోహ: సూర్యలంక బీచ్ నీళ్లు తెస్తే అన్నీ అందులోనే ఉంటాయి.

గుంటూరు వాళ్లకు బాపట్ల దగ్గర, కాబట్టి ఈ ఆశ సహజం. కానీ మన తీరం నది కలిసే తీరం. వర్షాకాలం చివర్లో కృష్ణ, గోదావరి నీళ్లు కలిసి ఒడ్డు దగ్గర ఉప్పు బాగా పలచబడుతుంది, దాంతో పాటే కాల్షియం, మెగ్నీషియం కూడా. పైగా ఒండ్రు, రొయ్యల చెరువుల నుంచి వచ్చే నీళ్లు. మంచి సాల్ట్ మిక్స్‌ను ఆర్‌ఓ నీళ్లలో కలిపి, ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్‌లో 35 పీపీటీకి (వెయ్యికి 35 పాళ్లు) తెచ్చుకోవడమే నయం.

వాటర్ టిన్ను నీళ్లు, ఇంటి ఆర్‌ఓ నీళ్లు కూడా నేరుగా వాడకండి. ఇంటి ఆర్‌ఓ మెషీన్లలో రుచి కోసం మామూలు నీళ్లు కొంత కలిపే ఏర్పాటు ఉంటుంది. టీడీఎస్ మీటరు పెట్టి చూస్తే తెలిసిపోతుంది, ఆర్‌ఓ తర్వాత డీఐ రెజిన్ (మిగిలిన లవణాల్ని పట్టేసే గుళికలు) పెట్టి సున్నాకు తేవాలి. "మా బోరు నీళ్లలో సున్నం ఉందిగా, కాల్షియం ఉచితం" అనేవాళ్లూ ఉన్నారు. ఆ సున్నంతో పాటు నైట్రేట్, ఫాస్ఫేట్ లాంటివీ రావచ్చు. ఫాస్ఫేట్ ఎక్కువైతే సున్నపురాయి కట్టడమే మందగిస్తుంది.

అపోహ: ఎర్రగా ఉన్నదంతా కోరలైన్.

వేలితో రుద్దితే పొరలా ఊడివస్తే అది సయనోబాక్టీరియా, అంటే నాచులా కనిపించే బాక్టీరియా. కోరలైన్ గోటికి లొంగదు.

అపోహ: ఎండాకాలంలో నాచు తెల్లబడితే అది రోగం.

రోగం కాదు, చాలాసార్లు వేడి. మే నెలలో బెజవాడ ఇళ్లల్లో ట్యాంకు నీళ్లు 31, 32 డిగ్రీలకు చేరడం మామూలే, కావలసింది 25, 26. చిన్న ట్యాంకుకు నీళ్ల మీదుగా ఫ్యాను పెడితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది, కానీ ఆవిరి పెరిగి ఉప్పు చిక్కబడుతుంది. ఉప్పు ఆవిరవదు, కాబట్టి రోజూ నింపాల్సింది మంచినీళ్లే, ఉప్పునీళ్లు కాదు. పెద్ద ట్యాంకుకైతే నీళ్లు చల్లబరిచే చిల్లర్ తప్పదు.

ఇంకొకటి ఎవరూ గమనించరు. రోజంతా తలుపులు బిగించి ఏసీ వేసుకుంటే గదిలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది, దాంతో నీళ్ల పీహెచ్ 7.8 దాకా దిగుతుంది. కోరలైన్ కట్టేది మెగ్నీషియం ఎక్కువున్న సున్నపురాయి, పీహెచ్ తగ్గితే దాని పెరుగుదల మందగిస్తుంది. స్కిమ్మర్ (నీళ్లలోని మురికిని నురగగా తీసే పరికరం) గాలి పైపును కిటికీ బయటకు తీసి పెట్టండి. ఇది ఖర్చులేని పని, ఫలితం మీటరులో కనిపిస్తుంది.

అపోహ: ఒకసారి పట్టాక ఇక చూసుకోనక్కర్లేదు.

బాగా పట్టిన నాచు రోజూ ఆల్కలినిటీ తింటుంది, కాబట్టి సోడా, సున్నపు తేట మోతాదు పెంచుకుంటూ పోవాలి. సీ అర్చిన్ (ముళ్ల బంతిలాంటి సముద్రజీవి) ఉంటే నాచును గీకి తింటూ తెల్లటి చారలు వదులుతుంది, కంగారు పడకండి. ముందువైపు అద్దాన్ని వారం వారం శుభ్రం చేసుకోండి. గాజుకు స్టీలు బ్లేడు, అక్రిలిక్‌కు ప్లాస్టిక్ బ్లేడు మాత్రమే. పంపు మొరాయిస్తే బయటకు తీసి, సగం నీళ్లు సగం వెనిగర్ కలిపిన బకెట్లో గంటసేపు నడపండి. బుడగలు వస్తూ నాచు మెత్తబడి ఊడిపోతుంది. తర్వాత మంచినీళ్లతో బాగా కడిగి మళ్లీ బిగించుకోవచ్చు.